జీవిత పన్ను, ముసాఫిర్ జిందగీ



మొన్న ఈద్‌కి మా వినుకొండ గల్లీలో ఐదు కార్లు వరసగా నిలబడ్డాయి. ఒకదాని మీద ఏపీ 07, ఒకదాని మీద ఏపీ 39, ఒకదాని మీద టీఎస్, ఒకటి కేఏ, ఇంకొకటి పీవై. ఐదుగురు ఓనర్లూ ఈ గల్లీలోనే పుట్టారు, ఒకే మక్తబ్‌లో అలిఫ్, బే నేర్చుకున్నారు. ఇప్పుడు ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో, ఒకరు చెన్నైలో, ఇద్దరు ఇక్కడే. నమాజ్ అయ్యాక మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగుతుంటే మాట బండ్ల మీదికి మళ్ళింది.

మా ఖాలా కొడుకు కువైట్‌లో చాలా ఏళ్లు పనిచేసి వాపస్ వచ్చాడు. 2020లో గుంటూరులో ఎనిమిది లక్షల కారు కొన్నాడు. అప్పటి లెక్క ప్రకారం నూటికి 12 చొప్పున 96 వేలు జీవిత పన్ను కట్టాడు. తర్వాత రోజీ కోసం కుటుంబంతో బెంగళూరు వెళ్ళాడు. ఏడాది దాటింది.

"భాయ్‌జాన్, ఇక్కడ జీవిత పన్ను కట్టేశాను. అక్కడ ఉండాలంటే మళ్ళీ జీవిత పన్నంట. నాకున్నది ఒకటే జిందగీ కదా, రెండు జీవితాలకు పన్నెందుకు?" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరి దగ్గరా జవాబు లేదు. పీవై బండి ఓనరు మాత్రం కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన సంగతి తర్వాత చెబుతాను. ఆ సవాల్ నా దిల్‌లో అట్లాగే ఉండిపోయింది. నాలుగు రోజులు తారీఖు పుస్తకాలు తిరగేశాను. ఇది కొత్త గొడవ కాదు, మన నేల మీద చాలా పాతది.

దారి సుంకం

ముందు మాటల సంగతి చూడండి. రసీదు, బకాయి, వసూలు, జప్తు, జరిమానా, మాఫీ, దాఖలా, సరిహద్దు. తెలుగువాడు పన్ను కట్టే చోట పలికే మాటల్లో సగం ఫార్సీ, అరబ్బీ నుంచి వచ్చినవే. గోల్కొండ కాలం నుంచీ దఫ్తర్లు ఆ జబాన్‌లోనే నడిచాయి. దారిలో వసూలు చేసే మహసూలును మొగలుల కాలంలో రాహ్‌దారీ అనేవాళ్లు. ఔరంగజేబు పట్టాభిషేకమైన తొలి ఏళ్లలోనే దాన్ని రద్దు చేస్తూ హుకుం ఇచ్చాడు. హుకుం ఢిల్లీలో వెలువడింది గానీ దూరపు దారుల్లో జమీందార్లు, ఫౌజ్‌దార్లు వసూళ్లు ఆపలేదు. దారి మీద చెయ్యి చాపే అలవాటు అంత తేలిగ్గా పోదు.

అంతకు నాలుగు వందల ఏళ్ల ముందు మన తీరంలోనే ఒక మంచి నమూనా ఉంది. చీరాల దగ్గర మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజులు గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా జప్తు చేసుకునేవారు. తాము అలా చేయమని, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని గణపతిదేవుడు రాతి మీద చెక్కించాడు. పరదేశి సౌదాగర్ రేవులో దిగకముందే తాను ఎంత ఇవ్వాలో తెలుసుకోగలడు. అక్కడ సుంకం మాఫీ లేదు. సుంకానికి ఒక హద్దు ఉంది. ముసాఫిర్‌కు కావలసింది కూడా అదే.

ఇంకా వెనక్కి వెళ్తే హజ్రత్ ఉమర్ (రజి) హయాంలో జరిగిన ఒక వాకియా ఉంది. ఖాజీ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో దాన్ని నమోదు చేశాడు. దారి మీద మహసూలు వసూలు చేసే జియాద్ బిన్ హుదైర్ దగ్గరికి తగ్లిబ్ తెగకు చెందిన ఒక క్రైస్తవుడు గుర్రంతో వచ్చాడు. దాని ఖరీదు 20 వేలుగా కట్టి వెయ్యి వసూలు చేశారు. అదే ఏడాది అదే గుర్రంతో ఆయన తిరిగి వస్తుంటే మళ్ళీ వెయ్యి అడిగారు. ఆయన తిన్నగా మక్కా వెళ్ళి ఖలీఫాకు ఫిర్యాదు చేశాడు. ఉమర్ (రజి) విని, సరే చాలు అన్నట్టుగా ఒక్క మాట అని ఊరుకున్నారు. తన గోడు వినలేదనుకుని, రెండో వెయ్యి కట్టడానికి సిద్ధపడి ఆయన వెనక్కి వచ్చాడు. వచ్చేసరికి ఖలీఫా ఉత్తరం తనకంటే ముందే చేరి ఉంది. ఒకసారి తీసుకున్నాక ఏడాది తిరిగేదాకా మళ్ళీ అడగొద్దని అందులో హుకుం.

మా ఖాలా కొడుకు గుర్రానికి నాలుగు చక్రాలున్నాయి, అంతే ఫర్క్. ఫిర్యాదు మాత్రం అదే.

కృష్ణకు ఇటూ అటూ

గుంటూరు సర్కారు 1788లో నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి వెళ్ళింది. ఆ తర్వాత కృష్ణా నది రెండు హుకూమత్‌ల మధ్య సరిహద్దు అయింది. అటు నల్లగొండ నిజాం రియాసత్, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ. ఈ రోజు మనం పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా పొందుగుల వంతెన దాటి వాడపల్లిలో అడుగుపెడతాం. ఆ కాలంలో ఆ ఏరు దాటితే సిక్కా మారేది, తపాలా బిళ్ళ మారేది, సరుకు మీద మహసూలు పడేది. నిజాం కస్టమ్స్ మహకమాకు కరోడ్‌గిరీ అని పేరు. నాకాల్లో మూటలు విప్పించి చూసేవారు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక కూడా ఈ కరోడ్‌గిరీ వెంటనే పోలేదు. ఖజానాకు అంత పెద్ద ఆమదనీ ఒక్కసారిగా పోతే కష్టమని కొన్నేళ్లు గడువిచ్చి 1950లలో ఎత్తేశారు.

మన వైపు కథ వేరు. దారుల ఖర్చు కోసం 1871 లోకల్ ఫండ్స్ చట్టం కింద భూమి మీద సెస్సు వేశారు. పైగా బండ్ల మీద టోల్‌గేట్ల చుంగీ. ఎడ్లబండి మీద పత్తి బోరేలు, మిరప బస్తాలు వేసుకుని గుంటూరు దాకా వెళ్ళే రైతు దారిలో ఆగి డబ్బు కడుతూ పోవాల్సిందే. మోటారు బండ్లు వచ్చాక ఈ గేట్లు పెద్ద తలనొప్పి అయ్యాయి. ప్రతి లోకల్ బోర్డుకూ తన గేటు, తన రేటు. జయకర్ కమిటీ 1927-28లో దేశంలో రోడ్ల హాలత్ మీద రిపోర్టు ఇచ్చింది. 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం వచ్చింది. చుంగీ గేట్లు తీసేయాలి, ఆ బదులు మోటారు బండ్ల మీద ప్రెసిడెన్సీ అంతటికీ ఒకే పన్ను ఉండాలి, గేట్ల ఆమదనీ పోయిన లోకల్ బోర్డులకు అందులోంచి వాటా ఇవ్వాలి. అసలు సౌదా ఇదే. ఈ చట్టం ఇచ్చిన మాట ఏమిటంటే, పన్ను ఒక చోట కట్టు, దారిలో నిన్ను ఆపం.

ఆ పన్ను కిస్తుల్లో కట్టేది. 1963లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు కలిపి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్ను చట్టం చేసినప్పుడూ మూడు నెలల కిస్తే. ఊరు మారినవాడు పాత చోట కిస్తు ఆపి, కొత్త చోట తర్వాతి కిస్తు మొదలుపెట్టేవాడు. నష్టం ఏమున్నా మూడు నెలలదే.

తర్వాత సొంత బండ్లకు జీవిత పన్ను వచ్చింది. బండి కొన్న రోజే మొత్తం జమా. దఫ్తర్‌కు తిరిగే పని తప్పిందని అందరం ఖుష్ అయ్యాం. సర్కారు కూడా ఖుష్, పైసా ముందే ఖజానాలో పడుతుంది. కానీ ఆ పేరులోనే ఒక షరతు దాగి ఉంది. బండి జీవితమంతా ఒకే రాష్ట్రంలో గడుస్తుందని చట్టం అనుకుంది. ఊళ్లో పుట్టి, ఊళ్లో తిరిగి, ఊళ్లోనే పోయేవాడి లెక్క అది. మూడు నాలుగు చోట్ల రోజీ వెతుక్కునే మనలాంటి ముసాఫిర్ల హిసాబ్ అందులో లేదు.

ఒక దేశం, ఎన్నో రేట్లు

వాహనాల మీద పన్ను వేసే హక్కును మన దస్తూర్ రాష్ట్రాలకు ఇచ్చింది. ఏడో షెడ్యూలు, రాష్ట్రాల జాబితాలో 57వ అంశం. అందుకే కారు ఒకటే అయినా రేటు రాష్ట్రానికొకటి. రిజిస్ట్రేషన్ మాత్రం కేంద్రం చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఒక చోట చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. 47వ సెక్షన్ ప్రకారం బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. ఈ రెండు సెక్షన్ల మధ్య ఇరుక్కున్నదే మా ఖాలా కొడుకు కారు.

ఆ 12 నెలల గడువు మీద కూడా లడాయి జరిగింది. కర్ణాటక 2014లో తన పన్ను చట్టాన్ని మార్చి, బయటి బండి 30 రోజులు దాటితే జీవిత పన్ను కట్టాలంది. బెంగళూరులో పనిచేసే మన కుర్రాళ్లు ఎంతమంది పరేషాన్ అయ్యారో మీకు యాద్ ఉండే ఉంటుంది. బండి ఓనర్లు కోర్టుకెళ్ళారు. 2016లో కర్ణాటక హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది.

మనకు దగ్గరి దెబ్బ 2014 జూన్ 2న తగిలింది. ఆ పొద్దున ఎవరూ ఇల్లు మారలేదు, బండి కదల్లేదు. సరిహద్దు మాత్రం వచ్చి మధ్యలో నిలబడింది. ఉమ్మడి రాష్ట్రానికి జీవిత పన్ను కట్టిన ఏపీ 07 బండి హైదరాబాదులో ఉంటే అది ఎవరి బండి? మళ్ళీ కట్టాలా? ఆ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా ఇదే మాట. 2015 ఏప్రిల్ 1 నుంచి ఏపీ రవాణా వాహనాల మీద తెలంగాణ పన్ను మొదలుపెట్టింది. వంతెన దగ్గర లారీలు, బస్సులు ఆగితే పెద్దవాళ్లకు కరోడ్‌గిరీ నాకా గుర్తొచ్చింది. సొంత కార్ల విషయంలో మాత్రం కాలమే కాస్త మెత్తబడింది. ఏపీ 09 బండ్లు ఈ రోజుకీ హైదరాబాదులో తిరుగుతున్నాయి. వాటి పక్కన టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది.

ఇక పీవై బండి సంగతి. పుదుచ్చేరిలో పన్ను తక్కువ. ఖరీదైన కారయితే లక్షల ఫర్క్ వస్తుంది. అక్కడ ఉండకపోయినా ఒక కిరాయి చిరునామా కాగితం మీద చూపించి రిజిస్టర్ చేయించుకునే రివాజు పుట్టింది. 2017లో కొందరు మలయాళ సినిమా నటుల మీద ఈ విషయంలోనే కేరళలో కేసులు పడ్డాయి. మా గల్లీ ఆయన పుదుచ్చేరిలో ఒక్క రాత్రి పడుకోలేదు. "అందరూ చేస్తున్నదే కదా" అంటాడు. రెండుసార్లు కట్టమనడం జుల్మ్ అని మనం అడగాలంటే, ఒక్కసారైనా సరైన చోట కట్టినవాళ్లమై ఉండాలి. ఝూటా చిరునామా రాసినవాడికి ఇన్సాఫ్ అడిగే ముఖం ఉండదు.

బయట ఎలా ఉంది?

మా పిల్లల్లో ఒకడు టెక్సాస్‌లో, ఒకడు వర్జీనియాలో ఉన్నారు. వర్జీనియాలో కౌంటీలు, నగరాలు కారు విలువ మీద ఏటేటా పన్ను వేస్తాయి, రేటు ఒక్కో చోట ఒక్కో తీరు. టెక్సాస్‌లో మామూలు సొంత కారు మీద అలాంటి పన్ను లేదు. వేరే రాష్ట్రం నుంచి తన బండితో కాపురానికి వచ్చినవాడి దగ్గర అక్కడ ఒకేసారి 90 డాలర్లు తీసుకుంటారు. అంటే అక్కడా రేట్లు వేరు వేరే. కానీ ఏటా కట్టే చోట ఊరు మారితే ఆ పన్ను ఆగుతుంది, ఒకేసారి కట్టే చోట కొత్తగా వచ్చినవాడికి చిన్న రేటు పెట్టారు. ఉండబోయే జీవితమంతా ముందే గుంజుకోవడం లేదు.

మన దగ్గర కూడా ఆ దిశగా ఒక అడుగు పడింది. 2021 సెప్టెంబరులో భారత్ సిరీస్, అంటే బీహెచ్ నంబరు వచ్చింది. 10 లక్షల లోపు కారుకు నూటికి 8, 20 లక్షల దాకా 10, ఆపైన 12 లెక్కన రెండేళ్లకోసారి కట్టవచ్చు. రాష్ట్రం మారినా నంబరు మారదు. 1963 నాటి కిస్తు కొత్త షేర్వానీ వేసుకుని తిరిగి వచ్చినట్టే. కానీ అది సర్కారీ ముల్జిమ్‌లకు, ఫౌజీలకు, నాలుగు రాష్ట్రాల్లో దఫ్తర్లున్న కంపెనీల ఉద్యోగులకే. కువైట్ నుంచి వచ్చి బెంగళూరులో చిన్న దుకాణం పెట్టుకున్నవాడికి లేదు. అందరికంటే ఎక్కువగా ఊళ్లు మారేవాడే ఆ దర్వాజా బయట నిలబడ్డాడు.

అందుకే మా ఖాలా కొడుక్కి చివరికి ఇలా చెప్పాను. "ఇక్కడి దఫ్తర్‌లో ఎన్ఓసీ తీసుకో. అక్కడ బండి వయసును బట్టి తగ్గించి పన్ను వేస్తారు, అది కట్టి కొత్త నంబరు తీసుకో. ఆ రసీదు చూపించి ఇక్కడ మిగిలిన కాలానికి రీఫండ్‌కు దరఖాస్తు పెట్టు. అది నీ హక్కు. చాలామంది తిరగలేక వదిలేస్తారు, నువ్వు వదలకు. కాగితాలన్నీ జాగ్రత్తగా పెట్టుకో."

"రీఫండ్ ఎప్పుడొస్తుంది భాయ్‌జాన్?" అన్నాడు.

ఆ తగ్లిబీ మనిషి కంటే ముందే ఉత్తరం చేరింది. అప్పుడు గుర్రాల మీద తపాలా నడిచేది. ఇప్పుడు కంప్యూటర్లున్నాయి. 1931లో సర్కారు ఇచ్చిన మాట కూడా సగమే మిగిలింది. జీవిత పన్ను కట్టినవాడు ఫాస్టాగ్‌తో ప్రతి టోల్‌గేటు దగ్గరా చుంగీ కడుతూనే ఉన్నాడు. రోడ్లు మాత్రం నిజంగానే బాగుపడ్డాయి, ఆ మాట చెప్పకపోతే నాఇన్సాఫీ అవుతుంది. మనం అడిగేది మాఫీ కాదు. రాష్ట్రాలు తమలో తాము హిసాబ్ చూసుకుని, కట్టినవాడిని ఒక్కసారితో వదిలేయాలని. ఈ సవాల్ మీ మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. ఈసారి ఈద్‌కి కార్లు వరసగా నిలబడినప్పుడు పిల్లలకు ఈ తారీఖు చెప్పండి. రసీదులు ఎక్కడ దాచారో కూడా చెప్పండి.

ఖుదా హాఫిజ్.