ఆంగ్ల పదజాలం - గ్రీకు, లాటిన్ ధాతువులు

ఆంగ్ల భాషలోని శాస్త్ర, వైద్య, న్యాయ, పరిపాలనా పదాలలో అధిక భాగం గ్రీకు, లాటిన్ భాషల మూలరూపాల నుండి ఏర్పడినవి. ఈ మూలరూపాలను, వాటి ముందు చేరే ఉపసర్గలను, చివర చేరే ప్రత్యయాలను గుర్తించి, తెలియని పదం యొక్క అర్థాన్ని ఊహించే పద్ధతిని ధాతు పద్ధతి అనవచ్చును. సంస్కృత వ్యాకరణంలో ధాతువు అనగా క్రియామూలం మాత్రమే. ఈ వ్యాసంలో ఆ మాట పదానికి మూలమైన భాగం అనే విస్తృతార్థంలో వాడబడినది. ఉదాహరణలు ముఖ్యంగా తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుండి తీసుకొనబడినవి. ఇక్కడి కొండలు, చెట్లు, పంటలు, ఆసుపత్రులు, పరిశోధనా కేంద్రాల పేర్లలోనే ఈ ధాతువులు అనేకం కనిపిస్తాయి.

చారిత్రక నేపథ్యం

ఆంగ్లం జర్మానిక్ కుటుంబానికి చెందిన భాష. నీరు, ఇల్లు, చేయి, తినుట, నడచుట వంటి నిత్యవ్యవహార విషయాలకు ఆంగ్లేయులు వాడే పదాలు ఎక్కువగా జర్మానిక్ పదాలే. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి భాష ద్వారా లాటిన్ మూలాలు గల పదాలు వేల సంఖ్యలో ఆంగ్లంలో ప్రవేశించాయి. ఐరోపా సాంస్కృతిక పునరుజ్జీవన కాలంలో పండితులు గ్రీకు, లాటిన్ పదాలను నేరుగా స్వీకరించారు. ఆ తరువాత విజ్ఞానశాస్త్రాలు పెరిగేకొద్దీ కొత్త వస్తువులకు, కొత్త భావనలకు ఈ రెండు భాషల ధాతువులతోనే పేర్లు కల్పించడం ఆనవాయితీ అయినది.

1973లో ఫింకెన్‌స్టాట్, వోల్ఫ్ అనే పరిశోధకులు ప్రచురించిన లెక్క ప్రకారం, షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోని సుమారు 80,000 పదాలలో లాటిన్ నుండి వచ్చినవి దాదాపు 28 శాతం, ఫ్రెంచి నుండి వచ్చినవి దాదాపు 28 శాతం, గ్రీకు నుండి వచ్చినవి సుమారు 5 శాతం. ఫ్రెంచి పదాలలో కూడా అధిక భాగానికి మూలం లాటినే.

తెలుగు విద్యార్థికి గల ఆవశ్యకత

పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి, ఇంటర్మీడియట్‌లోనో డిగ్రీలోనో ఆంగ్ల మాధ్యమంలో చేరినప్పుడు ప్రధానంగా ఎదుర్కొనే ఇబ్బంది పారిభాషిక పదాలతోనే. విషయం అతనికి ముందే తెలిసి ఉంటుంది, పేరు మాత్రమే కొత్తది. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో తెలిసిన విద్యార్థి ఫోటోసింథసిస్ అనే మాటను మరొక కొత్త పాఠంగా భావించి కంఠస్థం చేస్తాడు. ఫోటో అనగా కాంతి, సిన్ అనగా కలిసి, థసిస్ అనగా ఉంచడం అని తెలిస్తే, అది తెలుగు పదం చెప్పిన భావాన్నే చెబుతున్నదని అర్థమవుతుంది.

తెలుగు పారిభాషిక పదాలను కూర్చినవారు కూడా ఇదే మార్గాన్ని అనుసరించారు. 1968లో స్థాపించబడిన తెలుగు అకాడమీ ప్రచురించిన పాఠ్యగ్రంథాలలో సంస్కృత మూలాలతో కూర్చిన పదాలు విరివిగా ఉన్నాయి. ఈ క్రింది జంటలలో రెండు భాషల నిర్మాణం ఒకే విధంగా ఉండడం గమనించవచ్చును.

* థర్మామీటర్ (థర్మోస్ - వేడి, మెట్రాన్ - కొలత): ఉష్ణమాపకం
* మైక్రోస్కోప్ (మైక్రోస్ - చిన్నది, స్కోపియన్ - చూడటం): సూక్ష్మదర్శిని
* బయాలజీ (బయోస్ - జీవం, లోగోస్ - శాస్త్రం): జీవశాస్త్రం
* ఆక్సిజన్ (ఆక్సిస్ - పులుపు, జెన్ - పుట్టించునది): ఆమ్లజని
* హైడ్రోజన్ (హైడోర్ - నీరు, జెన్ - పుట్టించునది): ఉదజని

సంస్కృతంతో బంధుత్వం

1786లో కలకత్తాలో చేసిన ప్రసంగంలో సర్ విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉండాలని ప్రతిపాదించాడు. ఆ మూడింటినీ నేడు ఇండో-యూరోపియన్ భాషలుగా వర్గీకరిస్తారు. తెలుగు ఆ కుటుంబానికి చెందదు. దక్షిణాది భాషలు వేరొక కుటుంబమని 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించాడు. అయితే తెలుగులో తత్సమాలు విస్తారంగా ఉన్నందున, గ్రీకు, లాటిన్ ధాతువులకు జ్ఞాతులైన రూపాలు తెలుగువారి నోట ఎప్పటినుండో ఉన్నవే. పైన చెప్పిన ఉదజని ఇందుకు చక్కని ఉదాహరణ. అందులోని ఉద అనేది గ్రీకు హైడోర్‌కు, జని అనేది గ్రీకు జెన్‌కు బంధువులు.

సంఖ్యావాచకాలు: డై, బై - ద్వి, ట్రై - త్రి, టెట్రా, క్వాడ్రి - చతుర్, పెంటా - పంచ, హెప్టా, సెప్టెమ్ - సప్త, ఆక్టో - అష్ట, నోవెమ్ - నవ, డెకా, డెసెమ్ - దశ. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు అనే పేర్లకు ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదవ నెలలని అర్థం. ప్రాచీన రోమనుల సంవత్సరం మార్చితో మొదలయ్యేది కనుక ఈ పేర్లు వచ్చాయి.

ఉపసర్గలు: ఎ, ఎన్ - అ, అన్ (లేమి); పెరి - పరి (చుట్టూ); ప్రో - ప్ర (ముందుకు); హైపర్, సూపర్ - ఉపరి (పైన); హైపో, సబ్ - ఉప (క్రింద); డిస్ - దుస్ (చెడు). చివరిది డిసెంట్రీ వంటి పదాలలోని గ్రీకు ఉపసర్గ. డిస్మిస్ వంటి పదాలలోని లాటిన్ డిస్ వేరు.

ఇతర మూలాలు: ఒనోమా, నోమెన్ - నామం, పోడ్, పెడ్ - పాదం, డెంట్, ఒడోంట్ - దంతం, ఇగ్నిస్ - అగ్ని, వోక్స్ - వాక్కు, మోర్స్ - మృత్యువు, రోటా (చక్రం) - రథం, గ్నోసిస్ - జ్ఞానం. అనానిమస్ అనే ఆంగ్ల పదాన్ని విడదీస్తే అన్, ఒనిమ్ వస్తాయి. అనామకం అనే పదంలో ఉన్నవి కూడా ఇవే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఉదాహరణలు

శేషాచలం కొండలు

తిరుపతి నుండి తిరుమలకు వెళ్ళే కనుమ దారిలో కనిపించే శిలల అసంగతిని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించినది. అతి ప్రాచీనమైన ఆర్కియన్ కాలపు గ్రానైటు మీద, కోట్ల సంవత్సరాల వ్యవధి తరువాత ఏర్పడిన ప్రొటెరోజోయిక్ కాలపు క్వార్ట్‌జైటు పొరలు ఇక్కడ నిలిచి ఉన్నాయి. గ్రీకులో ఎపి అనగా పైన, ఆర్కయోస్ అనగా ప్రాచీనం. అంటే ప్రాచీన శిలకు పైన ఉన్నదని పేరే చెబుతున్నది. ప్రొటెరోస్ అనగా మునుపటి, జోయే అనగా జీవం. గ్రానైటు పేరుకు మూలం గింజ అని అర్థమిచ్చే లాటిన్ గ్రానుమ్. ఆ రాయిలో గింజల వంటి స్ఫటికాలు కంటికి కనిపిస్తాయి.

తిరుమలలోని శిలాతోరణాన్ని ఆంగ్లంలో నేచురల్ ఆర్చ్ అంటారు. ఈ ఆర్చ్ అనే మాట విల్లు అనే అర్థం గల లాటిన్ ఆర్కుస్ నుండి వచ్చినది. దీనికి, ఆర్కియన్‌లోని గ్రీకు ఆర్కయోస్‌కు సంబంధం లేదు. ఒకే కొండమీద పక్కపక్కనే వినిపించే ఈ రెండు మాటలు, రూపసామ్యాన్ని మాత్రమే నమ్మరాదనడానికి నిదర్శనం.

2010లో ఈ కొండలను శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. బయోస్ అనగా జీవం, స్ఫైరా అనగా గోళం. జీవగోళం, జీవావరణం అనే తెలుగు పదాలు దీనికి సమానం.

ఎర్రచందనం, బంగారు బల్లి

ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్. గ్రీకులో టెరోన్ అనగా రెక్క, కార్పోస్ అనగా పండు. ఈ చెట్టు కాయ చుట్టూ పలుచని రెక్క వంటి అంచు ఉంటుంది. కార్పోస్ తెలిసిన విద్యార్థికి వృక్షశాస్త్రంలో పెరికార్ప్ అనగా పండు చుట్టూ ఉండే ఫలకవచం అని సులభంగా తెలుస్తుంది. శాంటలైనస్ అనగా చందనం వంటిది. గ్రీకు సాంటలోన్, లాటిన్ సాంటలుమ్ అనే రూపాలకు మూలం సంస్కృత చందన శబ్దమే. ఈ దేశం నుండి వెళ్ళిన మాట లాటిన్ వేషంలో తిరిగి వచ్చి శేషాచలం చెట్టుకు పేరైనది. కాలికి తొడిగే శాండల్ అనే మాట మాత్రం వేరొక గ్రీకు పదం నుండి వచ్చినది.

తిరుపతి కొండల నుండి 1870లో బెడ్డోమ్ వర్ణించిన బంగారు బల్లి శాస్త్రీయ నామం కాలోడాక్టిలోడిస్ ఆరియస్. కాలోస్ అనగా అందమైన, డాక్టిలోస్ అనగా వేలు, ఆరియస్ అనగా బంగారు రంగు గలది. బంగారానికి రసాయనశాస్త్రంలో వాడే ఏయూ అనే సంకేతం కూడా లాటిన్ ఆరుమ్ నుండి వచ్చినదే. ఎర్రచందనం పేరులోని టెరోన్‌ను, ఈ బల్లి పేరులోని డాక్టిలోస్‌ను కలిపితే టెరోడాక్టిల్ అవుతుంది. పొడవైన వేలి ఆధారంతో రెక్క గల ప్రాచీన సరీసృపానికి ఇది పేరు. హెలికాప్టర్ అనే పదాన్ని కూడా హెలి, కాప్టర్ అని కాక, హెలికో (మెలిక), ప్టెర్ (రెక్క) అని విడదీయవలెను.

పంటలు, నీరు

వేరుశనగ శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియా. హైపో అనగా క్రింద, జీ లేక గయా అనగా భూమి. పువ్వు పైన పూసినా కాయ భూమి లోపల పెరగడం ఈ పంట ప్రత్యేకత. ఇదే జీ అనే మూలం జియాగ్రఫీ (భూమిని గురించిన రాత), జియాలజీ, జియోమెట్రీ (భూమి కొలత) పదాలలో ఉన్నది.

మామిడి శాస్త్రీయ నామం మాంజిఫెరా ఇండికా. మాంగో అనే మాట ద్రావిడ భాషల నుండి పోర్చుగీసు ద్వారా ఐరోపాకు చేరినది. దానికి లాటిన్‌లో మోయుట, భరించుట అనే అర్థం గల ఫెర్రె చేరి, మామిడిని కాచేది అనే అర్థం వచ్చినది. సంస్కృత భృ ధాతువు ఫెర్రెకు జ్ఞాతి. ట్రాన్స్‌ఫర్ (ఆవలికి మోయుట), కానిఫర్ (శంకువులను కాచే చెట్టు) పదాలలోనూ ఇదే ధాతువు కలదు. బోరుబావుల మీద ఆధారపడిన ఈ ప్రాంతంలో తరచు వినిపించే ఆక్విఫర్ అనగా నీటిని (ఆక్వా) భరించే భూమిపొర.

ఆకాశం, అంతరిక్షం

తిరుపతికి సమీపంలోని గాదంకిలో 1992లో ఏర్పడిన రాడార్ కేంద్రం, 2005 నుండి జాతీయ వాతావరణ పరిశోధనశాలగా పేరు పొందినది. అక్కడి ఎం.ఎస్.టి. రాడార్ పేరులోని మూడు అక్షరాలు మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్‌లను సూచిస్తాయి. మెసోస్ అనగా మధ్య, స్ట్రాటుమ్ అనగా పరచిన పొర, ట్రోపోస్ అనగా తిరుగుట. మధ్య, స్తరం అనే సంస్కృత పదాలు మొదటి రెండింటికి జ్ఞాతులు. రాడార్ అనే మాట మాత్రం ధాతువుల నుండి పుట్టినది కాదు. అది కొన్ని ఆంగ్ల పదాల మొదటి అక్షరాల కూర్పు.

2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట వార్తలలో ఆర్బిట్ (లాటిన్‌లో చక్రం నడచిన గాడి), శాటిలైట్ (వెంట ఉండే అనుచరుడు), ప్రొపెల్లెంట్ (ప్రో - ముందుకు, పెల్లెరె - నెట్టుట) వంటి పదాలు తరచు వినిపిస్తాయి.

వైద్యం

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల కొరకు శానటోరియం ప్రారంభించబడినది. లాటిన్‌లో సనారె అనగా స్వస్థపరచుట. ట్యుబర్‌క్యులోసిస్‌లోని ట్యుబర్‌క్యులుమ్ అనగా చిన్న గడ్డ, ఓసిస్ అనగా స్థితి.

తిరుపతిలోని స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో విభాగాల పేర్లు చాలావరకు గ్రీకు పదాలే: కార్డియాలజీ (కార్డియా - గుండె), న్యూరాలజీ (న్యూరోన్ - నరం), నెఫ్రాలజీ (నెఫ్రోస్ - మూత్రపిండం). ఒకే అవయవానికి లాటిన్ పేరు కూడా ఉండవచ్చును. కిడ్నీ వైద్యంలో నెఫ్రో, రీనల్ అనే రెండూ వినిపించడానికి కారణమిదే. ఐటిస్ అనగా వాపు: ఆర్థ్రైటిస్ అనగా కీళ్ళవాపు, హెపటైటిస్ అనగా కాలేయపు వాపు. ఎక్టమీ అనగా కోసి తీసివేయుట.

వైద్యంలో ధాతుజ్ఞానం పరీక్షల మార్కులకు పరిమితమైన విషయం కాదు. హైపర్‌గ్లైసీమియా అనగా రక్తంలో చక్కెర హెచ్చుట, హైపోగ్లైసీమియా అనగా తగ్గుట. చూపుకు దాదాపు ఒకటిగా కనిపించే ఈ రెండింటికీ చికిత్స పరస్పర విరుద్ధం. చీటీ చదివే రోగి బంధువుకు కూడా ఈ భేదం తెలిసి ఉండడం అవసరం.

పరిమితులు

ధాతువులు అర్థాన్ని సూచిస్తాయే కాని నిర్ణయించవు. ఈ పద్ధతిని వాడేవారు ఈ క్రింది విషయాలు గమనించవలెను.

* రూపం ఒకటి, మూలం వేరు: పెడెస్ట్రియన్‌లోని పెడ్ అనగా లాటిన్‌లో పాదం, పీడియాట్రిక్స్‌లోనిది గ్రీకులో బిడ్డ. హోమో సేపియన్స్‌లో హోమో అనగా లాటిన్‌లో మనిషి. హోమోజీనియస్‌లో గ్రీకులో సమానం. గ్రీకు థియోస్, లాటిన్ డెవుస్ రెండింటికీ దేవుడనే అర్థం ఉన్నా, దేవ శబ్దానికి జ్ఞాతి డెవుస్ మాత్రమే.
* ఉపసర్గకు రెండు అర్థాలు: ఇన్ అనేది కొన్నిచోట్ల లేమిని, కొన్నిచోట్ల లోపల అనే భావాన్ని తెలుపుతుంది. ఇంధనపు ట్యాంకర్లపై రాసే ఇన్‌ఫ్లేమబుల్ అనే మాటకు మండనిది అని కాక, సులభంగా మండునది అని అర్థం.
* మారిన అర్థం: మాన్యుఫాక్చర్ అనగా చేతితో చేయుట. నేడు అది యంత్రాల ఉత్పత్తికి కూడా వర్తిస్తుంది. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందని లావోయిజర్ భావించి ఆ పేరు పెట్టాడు. ఆ భావన తప్పని తరువాత తేలినా పేరు నిలిచిపోయినది.
* ధాతువు లేని పదాలు: క్వార్ట్‌జ్ జర్మన్ మాట. శేషాచలంలో పెరిగే పేరిత మొక్క శాస్త్రీయ నామమైన సైకస్ బెడ్డోమియైలోని రెండవ పదం బెడ్డోమ్ పేరు మాత్రమే.
* నిత్యవ్యవహార ఆంగ్లం: సంభాషణలో వాడే చిన్న పదాలు జర్మానిక్ మూలాలు గలవి కనుక వాటికి ఈ పద్ధతి అంతగా ఉపకరించదు.

అభ్యాస విధానం

మొదట తరచు కనిపించే ముప్పై, నలభై ఉపసర్గలు, మూలాలు, ప్రత్యయాలు నేర్చుకొనవలెను. విడి జాబితాగా కాక, ఒక్కొక్క మూలం క్రింద మూడు నాలుగు పదాలను కుటుంబంగా రాసుకొనడం మేలు. తత్సమంలో జ్ఞాతి ఉంటే దానిని ప్రక్కన రాసుకొనవచ్చును. కొత్త పదం ఎదురైనప్పుడు ముందుగా దానిని విడదీసి అర్థాన్ని ఊహించి, ఆ ఊహ వాక్యంలో పొసగుతున్నదో లేదో చూచి, తరువాత నిఘంటువుతో సరిపోల్చుకొనవలెను. ఈ మూడవ మెట్టును విడిచిపెడితే ఇన్‌ఫ్లేమబుల్ వంటి పదాల వద్ద ప్రమాదం తప్పదు. నిఘంటువులో అర్థంతో పాటు వ్యుత్పత్తిని కూడా చదివే అలవాటు ఉన్నవారికి, ఒక పదం కొరకు చేసిన శ్రమ మరికొన్ని పదాలకు కూడా ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

* తత్సమం
* ఇండో-యూరోపియన్ భాషలు
* ద్విపద నామకరణం
* శేషాచలం కొండలు
* ఎర్రచందనం