లండన్–పారిస్ గగనమార్గము

మొదటి ప్రపంచ సంగ్రామము ముగిసిన మరుసటి యేడు, 1919 ఆగస్టు 25వ తేదీ ఉదయమున, బాంబులు వేయుటకై నిర్మింపబడి శాంతికాలమున ప్రయాణికుల కొఱకు మార్పబడిన డి.హెచ్. 4ఏ విమానమొకటి, ఒకే యొక పత్రికా విలేఖరిని, కొన్ని వార్తాపత్రికలను, కొంత తోలును, వేటపక్షులను, మీగడను మోసికొని, లండన్ చెంతనున్న హౌన్‌స్లో మైదానమునుండి పారిస్ నగరమునకు బయలుదేరెను. బెర్లిన్–వైమార్ నగరముల నడుమ జర్మనులు ఆ ఫిబ్రవరిలోనే నిత్యసేవ నారంభించియుండిరి గాని, దేశపు టెల్లలు దాటి ప్రతిదినమును నడచిన తొలి సేవ యిదియే. ఛార్జీ 21 పౌనులు. శ్రామికునకు పలు వారముల కూలి.

ఆనాటి వైమానికులకు దారి చూపినవి నేలమీది రైలుపట్టాలు, రాచబాటలు. మబ్బు క్రిందికి దిగినకొలది విమానమును దిగవలసినదే. ఎదురుగా వచ్చువాడును ఆ బాటనే నమ్ముకొని వచ్చుచుండును. 1922 ఏప్రిల్ 7న ఉత్తర ఫ్రాన్సులోని పికార్డీ సీమలో, మంచు క్రమ్మిన వేళ, లండన్ విమానాశ్రయమైన క్రోయిడన్ నుండి టపాతో పోవుచున్న ఆంగ్ల విమానమును, పారిస్ నుండి ప్రయాణికులతో వచ్చుచున్న ఫ్రెంచి విమానమును ఒకే రాచబాటపై ముఖాముఖిగా ఢీకొనగా, రెండింటిలోని యేడుగురును మరణించిరి. మార్గమునకు కుడిప్రక్కనే ఎగురవలెనను నియమము కట్టుదిట్టముగా అమలునకు వచ్చినది ఆ దుర్ఘటన పిమ్మటనే. ఆ యేడుగురి ప్రాణములతో కొన్న నియమము నేటి ప్రతి ప్రయాణికునకును రక్షగా నున్నదని నేను మనసారా విశ్వసించుచున్నాను.

వైమానికునకు మేఘములలో తోడైనది రేడియో. అతడు తన ఉనికి యెచ్చటనని అడుగగానే ఇంగ్లండులోని క్రోయిడన్, పుల్హామ్, లింప్న్ రేడియో కేంద్రములు మూడును ఆ ధ్వని యే దిక్కునుండి వచ్చుచున్నదో గుర్తించెడివి. క్రోయిడన్‌లోని ఉద్యోగి పటముపై ఒక్కొక్క కేంద్రమునుండి దారమును ఆ దిక్కునకు లాగి, మూడును కలిసిన చోటును కొద్ది నిమిషములలోనే వైమానికునకు తెలిపెడివాడు. విమానయాన చరిత్రలలో ఆ దారము పట్టిన వానికి తగిన స్థానము దక్కలేదు.

ధనము మాట వేఱు. విమానయాన వ్యాపారము స్వశక్తితోనే ఎగురవలెనని ఆంగ్ల వైమానికశాఖ మంత్రి చర్చిల్ ప్రకటించియుండగా, ఫ్రెంచి ప్రభుత్వము తన సంస్థలను పోషించుచుండుటచే, ఆంగ్ల సంస్థలు పోటీకి నిలువలేక 1921 ఫిబ్రవరి చివర సేవలనన్నిటిని నిలిపివేసెను. కొన్ని వారములకు ఆంగ్ల ప్రభుత్వము చేయి సాచినగాని అవి మరల లేవలేదు. తుదకు 1924లో నాలుగు సంస్థలు ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అను పేర ఒక్కటి కాగా, పదియేండ్లకు పది లక్షల పౌనుల సహాయము లభించెను. ఆ సంస్థ విమానమార్గము 1929లో కరాచీని చేరెను. అక్కడ దింపిన టపాను 1932 అక్టోబరు నుండి టాటావారి చిన్న విమానములు అహమ్మదాబాదు, బొంబాయి, బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చసాగెను.