కొండదారులూ, డొక్కు సైకిళ్లూ: ఒక శివారు ప్రాంతపు చరిత్ర

సాధారణముగా బండి ముందు వచ్చును; దానికి తగిన బాట తరువాత వచ్చును. మోటారు కార్లు పెరిగిన పిదపనే తారురోడ్లు పెరిగినవి. కాని కొండలపై త్రొక్కుటకు ప్రత్యేకముగా తయారగు సైకిలు విషయములో ఈ వరుస తారుమారైనది. అక్కడ బాటలే ముందు ఉన్నవి. వాటిని వేసినవారిలో ఒక్కరికిని సైకిలు తలపే లేదు. ఒకరు రైలు కొరకు, ఒకరు నిప్పును ఆర్పుటకు, ఇంకొకరు త్రాగునీటి కొరకు ఆ బాటలు వేసినారు. బండి వాటిమీద పుట్టినది. పుట్టిన కొద్ది సంవత్సరములకే ఆ బాటలలో చాలవాటిమీద దానికి ప్రవేశము లేకుండ పోయినది.

ఇది జరిగిన చోటు కాలిఫోర్నియా రాష్ట్రములోని మరిన్ కౌంటీ. కౌంటీ యనగా మన జిల్లావంటి పరిపాలనా విభాగము. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా, గోల్డెన్ గేట్ జలసంధికి ఆవల ఇది ఉన్నది. 1937లో ఆ జలసంధిపై గొప్ప వ్రేలాడు వంతెన తెరువబడినది. అప్పటినుండి మిల్ వ్యాలీ, లార్క్‌స్పర్, శాన్ ఆన్సెల్మో, ఫెయిర్‌ఫాక్స్ వంటి చిన్న ఊళ్లు నగరపు శివారులుగా మారినవి. పగలు నగరములో ఉద్యోగము, రాత్రికి కొండపాదమున నిద్ర. ఆ ఊళ్ల వెనుకనే 2,571 అడుగుల ఎత్తున టామల్పైస్ పర్వతము నిలిచి ఉన్నది. ఎత్తు గొప్పది కాదు. అయితే సముద్రమట్టమునుండి ఒక్కసారిగా లేచుటచేత దాని వాలు నిటారుగా ఉండును.

ఈ కొండకు మొదట చెప్పుకోదగిన బాట వేసినది ఒక రైలు కంపెనీ. విహారయాత్రికులను మిల్ వ్యాలీ నుండి శిఖరము దాపునకు చేర్చుటకై 1896లో ఎనిమిది మైళ్లకు పైచిలుకు దూరము పట్టాలు పరచినారు. ఇనుప చక్రమునకు ఇనుప పట్టాపై పట్టు తక్కువ. వాలు ఎక్కువైనచో ఇంజను చక్రములు ఉన్నచోటనే తిరుగునుగాని బండి కదలదు. కాబట్టి ఇంజనీర్లు వాలు నూటికి ఏడుకు మించనీయలేదు. అనగా నూరడుగులు ముందుకు పోయిన ఏడడుగులకన్న ఎక్కువ ఎత్తు పెరుగరాదు. ఈ ఒక్క నియమము కొరకు వారు కొండను చుట్టి చుట్టి పోవలసి వచ్చినది. మొత్తము 281 వంపులు! ఒకచోట దారి మెలికలు తిరిగి తన ప్రక్కన తానే ఐదు వరుసలుగా నడచినది. ప్రపంచములోకెల్ల వంకర రైలుదారి యని కంపెనీవారే గర్వముగా ప్రకటించుకొన్నారు. కార్లు వచ్చి రైలుకు గిరాకి తగ్గినది. 1929 జూలైలో కొండపై పెద్ద కార్చిచ్చు పుట్టి మిల్ వ్యాలీలో వందకు పైగా ఇండ్లను కాల్చివేసినది. 1930లో రైలు ఆగిపోయి, పట్టాలు పెరికివేయబడినవి. పట్టాల క్రింది మెత్తని వాలు మాత్రము అట్లే మిగిలిపోయినది.

రెండవరకము బాటలు నీటికిని నిప్పుకును సంబంధించినవి. కొండ ఉత్తర పార్శ్వమున కురిసిన వానయే చుట్టుప్రక్కల ఊళ్లకు త్రాగునీరు. లగునిటాస్ వాగుపై 1873లోనే ఆనకట్ట కట్టినారు. 1912లో ప్రజల పక్షమున నీటి సంస్థ ఏర్పడి, ఆ అడవిని తన అధీనములోనికి తెచ్చుకొన్నది. నేడు ఆ పార్శ్వమున ఐదు జలాశయములు ఉన్నవి. అడవి కాలినచో నేల బోడియై, మొదటి వానకే బురద జలాశయములలోనికి దిగును. అందుచేత మంటలు లేచినచోటికి బండ్లు త్వరగా చేరుటకు వెడల్పయిన మట్టిబాటలు తీసినారు. నిప్పు వేచియుండదు గనుక ఈ బాటలు రైలువలె చుట్టు తిరుగలేదు. గుట్ట వెన్నుమీదుగా తిన్నగా పైకి, తిన్నగా క్రిందికి పోయినవి. రైలుబాటకును నిప్పుబాటకును గల ఈ భేదము తరువాతి కథలో ముఖ్యమైనది.

ఇక బండి సంగతి. 1933లో ష్విన్ అను అమెరికా కంపెనీ పిల్లల కొరకు రెండంగుళములకు పైగా లావుగల గాలిటైర్లతో సైకిళ్లను అమ్మజొచ్చినది. వార్తాపత్రికలు పంచు కుర్రవాండ్రు కాలిబాట అంచులు ఎక్కించినను, గుంతలో పడవేసినను చెదరకుండ ఉండునట్లు అవి చేయబడినవి. బరువు మాత్రము ఇంచుమించు ఏబది పౌనులు. 1960ల చివరనాటికి అవి పాత సామానుల కొట్లలో కొద్ది డాలర్లకే దొరకుచుండెను. లార్క్‌స్పర్ కుర్రవాండ్రు కొందరు వాటిని కొని, బురదరేకులు మొదలగునవి ఊడబెరికి, కొండపైకి తోసుకొనిపోయి క్రిందికి జారుట ఆటగా పెట్టుకొన్నారు. సన్నటైర్ల పందెపు సైకిలు అక్కడ రెండు నిమిషములు నిలువదు. ఈ డొక్కు సైకిళ్లను వారు ‘క్లంకర్లు’ అని ముద్దుగా పిలిచినారు.

ఫెయిర్‌ఫాక్స్ దాపున ఒక నిప్పుబాట కలదు. సుమారు రెండు మైళ్ల దూరములో అది 1,300 అడుగులు దిగిపోవును. అనగా వాలు నూటికి పండ్రెండు. 1976 అక్టోబరు 21న ఛార్లీ కెల్లీ మొదలైనవారు అక్కడ గడియారము పట్టి మొదటి పందెము జరిపినారు. వచ్చిన కొద్దిమందిలో పడకుండ క్రిందికి దిగినవారు ఆలన్ బాండ్స్ ఒక్కరే. కాబట్టి గెలుపు వారిదే. 1984 వరకు మొత్తము 24 పందెములు జరిగినవి. గ్యారీ ఫిషర్ 4 నిమిషముల 22 సెకండ్లలో దిగిన వేగమును తరువాత ఎవరును మించలేదు.

ఆ బాటకు ‘రీప్యాక్’ అని పేరు వచ్చుటలో చక్కని భౌతికశాస్త్ర పాఠము ఉన్నది. ఆ సైకిళ్లకు పెడలును వెనుకకు త్రొక్కిన వెనుకచక్రపు హబ్బులో పట్టుకొను బ్రేకు ఉండెడిది. మనిషి, సైకిలు కలిసి నూరు కిలోగ్రాములని అనుకొందము. 1,300 అడుగులనగా 396 మీటర్లు. అంత ఎత్తునుండి దిగుటలో ఇంచుమించు 3,88,000 జౌళ్ల స్థితిశక్తి విడుదలయగును. ఒక లీటరు నీటిని గది ఉష్ణోగ్రతనుండి మరుగుస్థితికి తెచ్చుటకు ఇంతకన్న తక్కువ శక్తియే చాలును. ఇందులో కొంత గాలికిని నేలకును పోయినను, పెద్దభాగము పిడికెడంత హబ్బులోనే వేడిగా మారవలెను. లోపలి గ్రీజు పొగలు క్రక్కుచు మండిపోయెడిది. పందెము ముగిసినంతనే హబ్బును విప్పి, మరల గ్రీజు కూరుకొనవలసి వచ్చెడిది. మరల కూరుటయే ‘రీప్యాక్’.

ఆ బాటయే సైకిలును మార్చినది. 1974 డిసెంబరులో మిల్ వ్యాలీలో జరిగిన ఒక పందెమునకు కుపర్టినో ఊరివారు కొందరు లావుటైర్ల సైకిళ్లకు గేర్లు బిగించుకొని వచ్చినారు. అది చూచినవారికి కొండను ఎక్కుటకు కూడ సైకిలు పనికివచ్చునని తోచినది. ఫిషర్ తన పాత ష్విన్‌కు గేర్లు, చేతిబ్రేకులు అమర్చుకొన్నారు. పాత చట్రములు దెబ్బలకు విరుగుచుండుటచేత, 1977లో జో బ్రీజ్ ఈ పనికనియే మిశ్రమలోహపు ఉక్కు గొట్టములతో క్రొత్త చట్రమును నిర్మించినారు. అప్పటి మొదటి బండి నేడు వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ మ్యూజియము వారి సేకరణలో ఉన్నది. 1979లో టామ్ రిచీ చట్రములు చేయగా ఫిషర్, కెల్లీ ‘మౌంటెన్‌బైక్స్’ పేరుతో దుకాణము తెరచినారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపానులో చేయించిన ‘స్టంప్‌జంపర్’ అంగళ్లలోనికి వచ్చినది. అటుపై సంగతి వర్తకపు సంగతి. అట్లాంటాలో 1996 ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమునకు చోటు దొరకెనని మాత్రము చెప్పిన చాలును.

సైకిళ్లు పదులనుండి వేలకు పెరిగేసరికి కొండపై తగవు మొదలైనది. కాలినడకవారికి టామల్పైస్ కొత్తది కాదు. వారి పరిరక్షణ సంఘము 1912నాటిది. మలుపు తిరుగగానే గంటకు పాతిక మైళ్ల వేగముతో ఎదురుపడు బండిని చూచి ముసలివారు హడలిపోయినారు, గుఱ్ఱములు బెదరినవి. ఈ ఫిర్యాదు అబద్ధము కాదు. సైకిలువారి ఫిర్యాదు కూడ అబద్ధము కాదు: కొండ అందరి సొమ్ముతో కాపాడబడుచున్నది గదా, ఒక్కరినే ఏల వెలివేయవలెను? 1980లలో అధికారులు సన్నని కాలిబాటలలో చాలవాటిపై సైకిళ్లను నిషేధించి, వెడల్పు బాటలకు పరిమితము చేసినారు. వేగము గంటకు 15 మైళ్లు మించరాదన్నారు. రాడారు యంత్రము చేతబట్టిన వనరక్షకులు మలుపులలో నిలుచుట అప్పటి దృశ్యము. ఈ నిషేధములు ఇతర ప్రాంతములకు వ్యాపించుట చూచి, 1988లో మరిన్ వారితో కలిపి కాలిఫోర్నియాలోని ఐదు సైకిలు సంఘములు ఒక అంతర్జాతీయ సంస్థగా ఏర్పడినవి.

తగవులో ఒక ప్రశ్న శాస్త్రమునకు చెందినది: సైకిలు బాటను ఎంత పాడుచేయును? ఇది చిన్న ప్రశ్న కాదు. బాటనుండి కొట్టుకొనిపోయిన మన్ను జలాశయములలో పేరుకొనును. లగునిటాస్ వాగులో గ్రుడ్లు పెట్టు కోహో సాల్మను చేపలు అంతరించిపోవు స్థితిలో ఉన్నవి. గులకరాళ్ల సందులను ఒండ్రు మూసివేసిన వాటి గ్రుడ్లకు ప్రాణవాయువు అందదు. 1994లో విల్సన్, సెనీ అను ఇద్దరు పరిశోధకులు మొంటానా రాష్ట్రపు కొండబాటలపై చేసిన ప్రయోగముల ఫలితములు ప్రకటించినారు. తడి నేలమీద గుఱ్ఱపు డెక్కయు మనిషి కాలును, చక్రముకన్న ఎక్కువ మన్ను వదులు చేయుచున్నవని తేలినది. సైకిలువారు దీనిని జెండావలె ఎగురవేసినారు. ఒక్క అరణ్యములోని ప్రయోగముతో అంత దూరము పోరాదు. బ్రేకు బిగించి చక్రమును ఈడ్చినచో వాలు వెంబడి చాలు పడును, వాననీరు ఆ చాలునే కాలువ చేసికొనును.

నిజమునకు బాటను ఎక్కువ కోయునది డెక్కయు కాదు, చక్రమును కాదు, నీరు. ప్రవాహవేగము రెట్టింపైన, అది దొర్లింపగల రాతి బరువు 64 రెట్లు పెరుగునని పాత సూత్రము. నిప్పుబాటవలె వాలు వెంబడి తిన్నగా దిగు బాట వానలో వాగుగా మారును. కాబట్టి క్రొత్తగా బాటలు వేయువారు కొన్ని నియమములు ఏర్పరచుకొన్నారు: బాట సమోన్నత రేఖను అనుసరించి కొండను చుట్టిపోవలెను, దాని సగటు వాలు నూటికి పది లోపున ఉండవలెను, ప్రక్కకొండ వాలులో సగమునకు మించరాదు, బాట వెలుపలి అంచు కొద్దిగా వంగి నీటిని వెంటనే ప్రక్కకు జార్చవలెను, అక్కడక్కడ దిగుడు ఆగి కొంచెము ఎక్కుడు రావలెను. పాఠకులు గమనించియే యుందురు. ఇంజను చక్రము జారుననే భయముతో 1896నాటి రైలు ఇంజనీర్లు అనుసరించిన మార్గమునకే, నూరేండ్లకు నీటి భయముతో వీరును వచ్చి చేరినారు. ఆ పాత రైలుబాట నేటికిని సైకిళ్లకు తెరచియే ఉన్నది; పిల్లలు కూడ దానిపై శిఖరము దాపునకు ఎక్కగలరు.

ఫెయిర్‌ఫాక్స్ దాపున బాలచరుల శిబిరమగు టామరాంచోలో సైకిలువారు శ్రమదానముతో సన్నబాటను నిర్మించుకొన్నారు; రుసుము చెల్లించి అనుమతి పొందినవారు దానిపై త్రొక్కవచ్చును. ఉత్తర కాలిఫోర్నియాలో 2001లో ఉన్నత పాఠశాలల విద్యార్థులకు కొండసైకిలు పందెముల సంఘము ఏర్పడినది. 2009లో అది దేశవ్యాప్త సంస్థకు దారి తీసినది. 2015లో ఫెయిర్‌ఫాక్స్‌లో సైకిలు మ్యూజియము తెరువబడినది. ఏ బాటలు ఎవరికి తెరువవలెనను చర్చ మాత్రము మరిన్‌లో ఇంకను తెగలేదు. విద్యుత్ మోటారు సైకిళ్లు వచ్చి దానిని మరింత చిక్కుపరచినవి.

రీప్యాక్ బాటపై ఇప్పుడును సైకిళ్లు దిగుచున్నవి. 15 మైళ్ల నియమమును పాటించువారికి ఆ రెండు మైళ్లు దిగుటకు ఎనిమిది నిమిషములు పట్టును.