బుగ్గల తుపాకీకి కొత్త నలుపు

గొడుగు బయటే ముడిచి లోపలికి రండి. గడప దగ్గర వాన నీళ్లు నిలిచాయి, చూసి అడుగేయండి. బల్కంపేట ఎల్లమ్మ గుడి వెనక గల్లీలో ఉంది ఈ రేకుల షెడ్డు. నలుగురు నిలబడితే నిండిపోతుంది. గుడి గంట ఇక్కడికి వినిపిస్తుంది. ఆషాఢం దగ్గర పడింది. ఆ నెల తొలి మంగళవారం ఎల్లమ్మ తల్లి కల్యాణం. ఆ జనంలో బుగ్గల దుకాణం, అంటే తుపాకీతో బెలూన్లు పేల్చే ఆట, పెట్టుకునే కుర్రాడు తన ఎయిర్‌గన్‌ను పాత దుప్పట్లో చుట్టి తెచ్చాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పెద్దాయన బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ తిప్పిన టర్నరు.

"లోపల గోలీ ఉందా, సూశినవా?"

"సూశ్న కాకా. ఖాళీనే."

"మల్ల సూడు."

కుర్రాడు చూసినా ఆయన ఊరుకోలేదు. తానే బారెల్ వంచి, బల్బు వైపు తిప్పి, ఆ చివర వెలుగు కనిపించేదాకా చూశాడు. ఆ తర్వాతే తుపాకీ బల్ల మీదికి వచ్చింది.

దగ్గరికొచ్చి చూడండి. ఒక్కో గుండుకూ బారెల్‌ను చేత్తో పట్టి కిందికి గుంజి వంచాల్సిన రకం ఇది. గుంజే చోట, జానెడు మేర, నలుపు పూర్తిగా పోయింది. ఇటుకపొడి రంగు తుప్పు పేరుకుంది. కుర్రాడి నాన్న కాలం నుంచి ఎన్ని జాతర్లలో ఎన్ని చెమట చేతులు దీన్ని పట్టుకున్నాయో ఆ జానెడు చోటే చెబుతోంది. చెక్క పట్టున్న వైపు ఇనుము మాత్రం ఇంకా నల్లగానే ఉంది.

కాకా తెల్ల వెనిగర్‌లో ముంచిన గుడ్డను బారెల్‌కు చుట్టాడు. వెనిగర్ తుప్పునూ తింటుంది, మిగిలిన పాత నలుపునూ తింటుంది. బారెల్ రెండు కొసల్లో చెక్క బిరడాలు బిగించాడు, లోపలికి చుక్క దిగకుండా. అరగంటకు గుడ్డ విప్పితే కింద బూడిదరంగు ఇనుము తేలింది. తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, పులుపు విరిచి, ఆరబెట్టాడు.

ఇక రుద్దుడు. ముందు 320 నంబరు వాటర్ పేపరు, తర్వాత 400, చివర 600. ఎప్పుడూ బారెల్ పొడవునే, అడ్డంగా కాదు. అసలు పని ఇదేనని నాకు ఇక్కడే అర్థమైంది. ఆ తర్వాత పూసే నలుపు మందుకు పట్టేది నిమిషాలు. ఈ రుద్దుడుకు పొద్దంతా పడుతుంది. "గీత ఉంటే నల్లగైనంక ఇంకా కొట్టొచ్చినట్టు కనపడ్తది" అంటూ కాకా వేలు ఆనించకుండా, పేపరుతోనే తడిమి చూస్తున్నాడు. తుప్పు తిన్న చిన్న చిన్న గుంటల్ని మాత్రం వదిలేశాడు. అవి పోవాలంటే బారెల్‌నే పలచన చేయాలి, అది చేయకూడదు.

ఇప్పుడు కిటికీ పూర్తిగా తెరిచారు. చేతులకు రబ్బరు గ్లౌజులు. అసిటోన్ తడిపిన దూదితో ఒకసారి, కొత్త దూదితో మళ్లీ తుడిచారు. హెయిర్ డ్రయ్యర్‌తో ఇనుమును గోరువెచ్చగా చేశారు. చిన్న సీసాలో ఉన్న నీలిపచ్చ నీళ్లను గిన్నెలోకి కొద్దిగా వంచి, దూది ముంచి, కాకా ఒక్క ఊపున కొస నుంచి కొసకు లాగాడు.

చూస్తుండగానే ఇనుము మబ్బు పట్టింది. ముందు బూడిద, వెంటనే నీలం, అరనిమిషానికి నలుపు. నలుపు మధ్యలో తెల్లగా ఒక బొటనవేలి ముద్ర! గీతలతో సహా తేలింది. అసిటోన్ తుడిచాక బారెల్‌ను జరపడానికి కుర్రాడు గ్లౌజు లేని చేత్తో పట్టుకున్నాడు. ఆ ఒక్క తాకిడికి అంటిన జిడ్డు చాలు, మందు అక్కడ ఇనుమును చేరలేదు.

"తప్పైంది కాకా."

"గందుకే జెప్పిన బిడ్డా, చేతులు వెట్టకని. ఏం గాలే, మల్ల జేద్దాం."

ఆ మేర 600 పేపరుతో తీసి, మళ్లీ అసిటోన్ పట్టించారు.

దీన్ని కోల్డ్ బ్లూయింగ్ అంటారు. సీసాలో ఉండేవి ముఖ్యంగా సెలీనియస్ ఆమ్లం, మైలుతుత్తం, ఇంకో ఆమ్లం. ఇనుము పైపొర కరుగుతుంటే ఆ చోట రాగీ సెలీనియమూ కలిసి నల్లని పొరగా కూర్చుంటాయి. మైలుతుత్తం మన పక్క బీదర్ పనివాళ్లకు తరతరాల నేస్తం. జింకులో కొంత రాగి కలిపి పోసిన పాత్రకు వాళ్లు మైలుతుత్తం నీళ్లు పూసి నల్లబరుస్తారు, ఉలి గీత తెల్లగా కనబడాలని. వెండి పొదిగాక చివరి నలుపు మాత్రం కోట మట్టి, నవసాగరం కలిపిన నీళ్లది. నల్లబడేది జింకే, వెండికి మచ్చ అంటదు. ఇక్కడా అంతే, ఈ మందు మామూలు ఉక్కుకే. స్టెయిన్‌లెస్ స్టీలు మీదో అల్యూమినియం మీదో ఈ నలుపు కుదరదు.

సెలీనియం విషమని మరిచిపోకండి. మిగిలిన మందును కాకా తిరిగి సీసాలో పోయడు, మోరీలో పారబోయడు. వేరే డబ్బాలో మూత పెట్టి, పిల్లలకు అందని అటక మీద ఉంచాడు.

ఇంకో మాట కూడా ఆయన గట్టిగానే చెప్పాడు. 4.5 మిల్లీమీటర్ల బోరుతో, 20 జూళ్లు దాటని శక్తితో ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు కాబట్టే దీన్ని ముట్టుకున్నాడు. మందుగుండు తుపాకీని బాగుచేయడానికి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండాలి. అలాంటిది ఎవరు తెచ్చినా ఆయన గడప దాటనివ్వడు.

నాలుగో పూత అయింది. ప్రతి పూతకూ ఒక నిమిషం, నీళ్లతో కడుగు, మెత్తటి స్టీల్ ఊల్‌తో తేలిక రుద్దు. వెలుగులోకి తిప్పితే బారెల్ ఇప్పుడు పండిన నేరేడు రంగు. కుర్రాడు మాట్లాడటం లేదు. వాళ్ల నాన్న చేతిలో చూసిన రంగు అదే అయి ఉంటుంది.

ఇది ఎంతకాలం ఉంటుందో కాకా దాచలేదు. బాలానగర్ షెడ్లలో కాస్టిక్ సోడా, నైట్రేటు కలిపిన తొట్టిలో సుమారు 140 డిగ్రీల వేడిలో ముంచి తీసే బ్లాకోడైజింగ్‌కు ఉన్న గట్టిదనం దీనికి లేదు. దానికైతే తుపాకీ ఆసాంతం విప్పాలి. జాతర చేతుల కింద ఈ నలుపు గుంజే చోట ముందుగా పలచబడుతుంది, మళ్లీ పూయాల్సి వస్తుంది. నలుపు దానంతటది తుప్పును ఆపేది కూడా కొంతే. నూనెను పట్టి ఉంచడమే ఆ పొర చేసే మేలు. అందుకే ఆయన కుట్టు మిషన్ నూనె ధారాళంగా పట్టించి, తుడవకుండా తెల్లారేదాకా వదిలేయమన్నాడు.

"దుకాణం కట్టేటప్పుడు రోజూ నూనె గుడ్డతోని తుడువు. మర్సిపోకు."

"మర్వ కాకా."

మీ ఇంట్లో అటక మీద పాత ఎయిర్‌గన్ ఉంటే, ఈ వానలు ముదరకముందే దించండి. ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడండి. నలుపు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు నూనె గుడ్డతో తుడవండి.