వీరునికి గుర్తు: ఉదయగిరి దుర్గము నుండి పరమవీరచక్రము వరకు

నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా పడమరకు పోవువారికి పెన్నేటి మాగాణి క్రమముగా వెనుకబడి, మెట్టభూములు, చిట్టడవులు, రాతిగుట్టలు ఎదురగును. ఆ గుట్టలలో ప్రసిద్ధమైనది, సముద్రమట్టమునకు 3 వేల అడుగులకు పైబడిన ఎత్తున నిలిచినది, ఉదయగిరి దుర్గము. ఆ కొండ నీడన చదువుకొను పిల్లలు పరమవీరచక్ర గ్రహీతల పేర్లను పాఠముగా వల్లించుచుందురు. సోమనాథ శర్మ, పీరూ సింగ్, అబ్దుల్ హమీద్, అల్బర్ట్ ఎక్కా, విక్రమ్ బత్రా. అప్పుడొక ప్రశ్న పుట్టుట సహజము: వీరిలో మన తెలుగువాడొకడును లేడేమి? ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు, అసలు వీరుని గుర్తించుట యనగా నేమో, ఆ గుర్తింపు ఏ కాలమున ఎవరికి దక్కినదో కొంత విచారింపవలసియున్నది. అందులకు ఉదయగిరియే తగిన చోటు.

1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులపై దండెత్తి ఈ దుర్గమును ముట్టడించెను. కోటను కాచుచున్నవాడు ప్రతాపరుద్ర గజపతికి దగ్గరి బంధువైన తిరుమల రాహుతరాయడు. కొన్నేండ్లకు పిదప విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడు న్యూనిజ్ ఈ ముట్టడిని వర్ణించినాడు. లోపల 10 వేల కాల్బలము, 400 గుఱ్ఱములు మాత్రమే యుండెనట. అంతకుమించి అక్కరయును లేదు. ఆ కోటను ఆకలిచేతనే గాని ఆయుధముచేత లొంగదీయుట సాధ్యము కాదని అతని మాట. రాయలు ఏడాదిన్నర కాలము విడిసి, కొండల కడ్డముగా బాటలు తొలిపించి, పెనుబండలు పగులగొట్టించి, కోట బురుజుల దాక సైన్యమునకు దారి వేయించెను. 1514లో దుర్గము వశమైనది.

విజయమునకు గుర్తులు మిగిలినవి. ఆ సంవత్సరము జూలైలో రాయలు దేవేరులతో తిరుమల కేగి శ్రీవేంకటేశ్వరునికి కనకాభిషేకము చేయించిన సంగతి శాసనములలో కలదు. ఉదయగిరి నుండి తెచ్చిన బాలకృష్ణుని విజయనగరమున ప్రతిష్ఠించి, 1515లో గుడి కట్టించినాడు. ఆ గుడి నేడు హంపిలో చూడవచ్చును. రాజు పేరు నిలిచినది, ఓడిన దుర్గాధిపతి పేరును నిలిచినది. కాని ఏడాదిన్నర పాటు, పైనుండి రాళ్లు, బాణములు పడుచుండగా, సమ్మెటతో ఉలితో బండలు పగులగొట్టి దారి వేసిన వారి పేరు ఒక్కటియు మనకు దక్కలేదు. ఆ దారియే లేనిచో విజయమే లేదు గదా!

ఆనాడు వీరులకు గౌరవములు లేకపోలేదు. మేటి వీరుడు కాలికి గండపెండేరము తొడుగుకొనెడివాడు. పిమ్మట అది కవులకును దక్కినది. రాయలు పెద్దనకు స్వయముగా తొడిగిన కథ తెలుగువారి కెల్ల తెలిసినదే. ఊరికొరకు, పసులమందల కొరకు పోరాడి కూలిన వానికి ఊరివారే వీరగల్లు నిలిపెడివారు. అట్టి రాళ్లు తెలుగునాట పలుచోట్ల నేటికిని కలవు. ఆ రాతిపై కత్తి పట్టిన మనిషి బొమ్మ యుండును. కొన్నిటిపై అతనిని స్వర్గమునకు తోడుకొనిపోవు అప్సరసలును ఉందురు. గండపెండేరము రాజు చేతి గౌరవము. వీరగల్లు ఇరుగుపొరుగుల గౌరవము. మొదటిదానికి కొలువులో చోటుండవలెను. రెండవదానికి కన్నులార చూచినవారు ఊరిలో నుండిన చాలును. అయినను ఈ రెండవ గౌరవము చచ్చిన పిమ్మటనే లభించునది.

బ్రతికి తిరిగివచ్చిన వాని గతి యేమి? నెల్లూరి వారికి ఖడ్గతిక్కన కథ చెప్పనక్కరలేదు. 13వ శతాబ్దమున, పసుల మేపునకు చెల్లింపవలసిన పుల్లరిని గూర్చి మనుమసిద్ధికిని కాటమరాజునకును వైరము పుట్టెను. పాలేటి యొడ్డున జరిగిన పోరులో బలమెల్ల కూలగా తిక్కన యిల్లు చేరెను. ఇల్లాలు స్నానమునకు నీళ్లు తోడి, ఆడువారికి వలె మంచము చాటుచేసి పసుపుముద్ద నుంచినదట. తల్లి విరిగిన పాలు వడ్డించినదట. ఆ మాట పడలేక తిక్కన మరల కదనమున కేగి కూలినాడని కథ. తరతరములుగా మనము ఈ కథను ఒడలు పులకరింప విన్నాము. కాని ఒక్కసారి నిదానించి చూడుడు: ఆ యింటిలో బ్రతికియున్న వీరునికి చోటు లేకపోయినది. చావు తప్ప అతనికి వేరొక సాక్ష్యము లేకపోయినది.

ఇక ఆంగ్లేయుల కాలమునకు వత్తము. 18వ శతాబ్దమున కుంపిణీ సైన్యము మొదట పెరిగినది దక్షిణమున. చెన్నపట్టణము నుండి వంగదేశమునకు పోయిన సిపాయిలను అక్కడివారు 'తిలంగా'లని పిలిచిరి. పిమ్మట ఏ కులమువాడైనను, ఏ భాషవాడైనను, సిపాయికి ఉత్తర హిందూస్థానమున 'తిలంగా' అనియే పేరు స్థిరపడినది. ఒక జాతి పేరే సైనికునికి పర్యాయపదమైనదన్నమాట. అట్టి జాతి పరమవీరుల పట్టికలో కనబడకపోవుట కేమి కారణము?

1856లో విక్టోరియా క్రాసు ఏర్పడినపుడు భారతీయ సైనికుడు దానికి అర్హుడు కాడు. అతనికి 1837లో కుంపిణీ నెలకొల్పిన ఆర్డర్ ఆఫ్ మెరిట్ మాత్రమే గతి. 1911 ఢిల్లీ దర్బారులో గాని ఆ తలుపు తెరువబడలేదు. 1914 అక్టోబరులో బెల్జియమున పోరాడిన ఖుదాదాద్ ఖాన్ ఆ పతకము పొందిన మొదటి భారతీయ సైనికుడు. కాని అప్పటికే వేరొక తలుపు మూతపడినది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దములలో 'యుద్ధజాతులు' అను సిద్ధాంతము ప్రబలి, ఉత్తరాపథపు కొన్ని తెగలే పోరుటకు తగినవని సేనాధిపతులు నిర్ణయించిరి. మదరాసు పటాలములు తగ్గింపబడినవి, తెలుగువారిని పదాతిదళములలో చేర్చుకొనుట సన్నగిల్లినది. 1920ల చివరికి పాత మదరాసు రెజిమెంటే రద్దయి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున మరల ప్రాణము పోసికొన్నది. యుద్ధరంగమున నిలుచుటకు అవకాశము దక్కనివానికి పతకమెట్లు దక్కును? కనుక పతకముల పట్టికను చూచి ఒక ప్రాంతపు ధైర్యమును లెక్కగట్టుట పొరపాటు.

స్వతంత్ర భారతము తన గౌరవచిహ్నములను 1950 జనవరి 26న నెలకొల్పుచు, 1947 ఆగస్టు 15 నుండి అవి వర్తించునట్లు నిర్ణయించినది. వానిలో సర్వోన్నతమైనది పరమవీరచక్రము. శత్రువు ఎదుట, నేలపైగాని నీటిపైగాని ఆకాశమునగాని, అసామాన్య సాహసము చూపినవారికి ఇది యీయబడును. హోదాభేదము లేదు, స్త్రీపురుషభేదము లేదు. దీనిని రూపొందించినది సావిత్రీ ఖానోల్కర్ అను విదుషి. ఆమె స్విట్జర్లాండులో పుట్టి, భారతీయ సేనాధికారిని పెండ్లియాడి, మన పురాణములను శ్రద్ధగా చదివినది. కంచుబిళ్ల నడుమ రాజ్యచిహ్నము, చుట్టును ఇంద్రుని వజ్రాయుధములు నాలుగు, పైన ఊదారంగు పట్టీ. లోకరక్షణకై తన వెన్నెముకనే యిచ్చిన దధీచి మహర్షి కథ ఆ చిన్న బిళ్లలో ఇమిడియున్నది.

ఇంతవరకు ఈ పతకము పొందినవారు 21 మంది. వారిలో 14 మందికి అది మరణానంతరము లభించినది. తక్కిన ఏడుగురు బ్రతికి వచ్చి దానిని ధరించిరి. 1962లో లదాఖున పోరాడిన ధన్ సింగ్ థాపాను చనిపోయెనని తలచి పతకము ప్రకటించిరి. అతడు చెరనుండి ప్రాణములతో తిరిగివచ్చెను. 1999లో కార్గిల్ యుద్ధమున యోగేంద్ర సింగ్ యాదవ్ విషయమునను అట్లే జరిగినది. వీరిని దేశము తలయెత్తి చూచినది. పసుపుముద్దల కాలము గతించినదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

ఆ ఏడుగురిలో నొకని కథ ఉదయగిరి వారు ప్రత్యేకముగా వినవలసినది. అతడు సెకండ్ లెఫ్టినెంట్ రామా రాఘోబా రాణే. కార్వారు ప్రాంతమువాడు, ఇంజనీరు దళమునకు చెందినవాడు. 1948 ఏప్రిల్ 8న మనసేన కాశ్మీరమున నౌషేరా నుండి రాజౌరీకి బయలుదేరినది. దారి పొడవున శత్రువులు మందుపాతరలు పాతిరి, పెద్ద పైన్ చెట్లు నరికి అడ్డముగా పడవేసిరి, మోరీలను కూల్చిరి. టాంకులు కదలవలెనన్న ముందు దారి కావలెను. పని మొదలుపెట్టగనే ఫిరంగిగుండ్లు పడి రాణే మనుష్యులిద్దరు చనిపోయిరి. తానును గాయపడినాడు. అయినను విరమింపలేదు. కదలుచున్న టాంకు క్రింద తానును ప్రాకుచు, త్రాళ్లు లాగి లోపలి చోదకునికి సైగలిచ్చుచు, గుండ్లవాన నడుమ అడ్డంకులు తొలగించినాడు. 11వ తేదీన ఉదయము 6 గంటలకు మొదలిడి రాత్రి 10 గంటల వరకు ఆ పనియే. టాంకులు ముందుకు సాగినవి, మరునాడు రాజౌరీ విముక్తమైనది.

నాలుగువందల ముప్పదినాలుగేండ్ల క్రిందట ఉదయగిరి బండలు పగులగొట్టినవారి పనియును ఇదియే గదా! ఆనాడు పేరైనను మిగులని పనికి ఈనాడు దేశపు అత్యున్నత గౌరవము దక్కినది. చరిత్రలో మనము సాధించిన అభివృద్ధిని ఇట్టి చోటనే కొలుచుకొనవలెను.

తెలుగునాటితో సంబంధముగల పరమవీరుడు ఒకడు కలడు. లెఫ్టినెంట్ కర్నల్ అర్దేశిర్ తారాపూర్ పారసీకుడు, 1923లో బొంబాయిలో పుట్టినవాడు. అతని సైనికజీవితము మొదలైనది హైదరాబాదు సంస్థాన సైన్యమున. అక్కడ ఒకనాడు కొత్త సిపాయిలకు చేతిబాంబులు విసరుట నేర్పుచుండగా ఒకడు గురితప్పి దగ్గరనే జారవిడిచినాడు. తారాపూర్ ఉరికి దానిని తీసి అవతలకు విసరెను. చేయి విడిచిన వెంటనే అది ప్రేలి, ముక్కలు అతని ఎదలో దిగినవి. దీనిని కన్నులార చూచిన సంస్థాన సేనాపతి ఎల్ ఎడ్రూస్ అతని కోరిక మన్నించి కవచవాహన దళమునకు మార్చినాడు. సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట అతడు పూనా హార్స్ దళమున చేరినాడు. 1965 సెప్టెంబరులో సియాల్‌కోట రంగమున ఆ దళమునకు అతడే నాయకుడు. 11వ తేదీన ఫిలోరా దగ్గర గాయపడినను వెనుకకు పోనని నిలిచినాడు. వజీర్‌వాలీ, జస్సోరాన్, బుతుర్ డోగ్రాండి గ్రామములు పట్టుబడినవి. అతని దళము 60 శత్రుటాంకులను ధ్వంసము చేసి తాను 9 మాత్రమే కోల్పోయినది. 16వ తేదీన తారాపూర్ రణభూమిలోనే అసువులు బాసినాడు. అతని కోరిక మేరకు అంత్యక్రియలును ఆ భూమిలోనే జరిగినవి.

తెలుగుబిడ్డయే కావలెనన్న, సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబును తలచుకొందము. విజయనగరము సమీపమున 1962లో ప్రారంభమైన కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 16వ బిహార్ దళమునకు నాయకుడైనాడు. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన చేచేతి పోరులో 20 మంది భారతసైనికులు నేలకొరిగిరి. వారిలో అతడొకడు. పరమవీరచక్రమునకు తరువాతిదైన మహావీరచక్రము అతనికి ప్రకటింపబడి, 2021 నవంబరులో తల్లికిని భార్యకును రాష్ట్రపతిచే అందజేయబడినది. తెలుగువానికి మూతపడిన తలుపు తిరిగి తెరుచుకొన్నదని ఆ సైనిక పాఠశాలయే సాక్ష్యము చెప్పుచున్నది.

కనుక ఉదయగిరి పిల్లవాడు అడిగిన ప్రశ్నకు తల వంచుకొని జవాబు చెప్పనక్కరలేదు. 21 మందిలో తెలుగువాడు లేడు, నిజమే. దానికి కారణము చరిత్రలో నున్నది, నెత్తుటిలో లేదు. అదియునుగాక, పతకమునకు సాహసమొక్కటియే చాలదు. చూచినవాడొకడు బ్రతికియుండవలెను, చూచినది వ్రాయవలెను, వ్రాసినది పైకి చేరవలెను. ఈ మూటిలో ఏ యొక్కటి తప్పినను ఎంతటి వీరుడైనను ఉదయగిరి బండలు పగులగొట్టినవారిలో కలిసిపోవును.

పతకము లీయుట రాజ్యము పని. జ్ఞాపకముంచుకొనుట మన పని. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల ఊళ్లలో సైన్యమున పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలెవరైన మీ వీధిలోనుండిన, ఒక సాయంకాలము వారి అరుగుపై కూర్చుండుడు. ఏ దళము, ఏ యేడు, ఏ కొండ, ప్రక్కనున్న దెవరు, తిరిగిరాని దెవరు అని అడుగుడు. విన్నది ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. పూర్వము ఊరివారు రాతిపై చెక్కిన వీరగల్లును మనము కాగితముపై నిలుపవచ్చును. అదియును, ఆ మనిషి బ్రతికియుండగనే.