ఊపిరితిత్తులు - అతిధ్వని పరీక్ష

సంతలో కుండ కొనేవాడు దానిని వేలి కణుపుతో తట్టి, ఖంగున మోగితేనే డబ్బులిస్తాడు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఆస్ట్రియాలోని గ్రాట్జ్ పట్టణంలో పూటకూళ్ళ యిల్లు నడుపుకొనే ఒకాయన తన పీపాలలో ద్రాక్షసారాయి ఎంతవరకున్నదో ఇట్లే తట్టి తెలుసుకొనేవాడట. ఆయన కుమారుడు లియోపోల్డ్ ఔఎన్‌బ్రుగ్గర్ వైద్యుడై, వియన్నాలో రోగుల ఛాతీని అదే విధంగా తట్టి చూడడం మొదలుపెట్టాడు. గాలి నిండిన చోట బోలు ధ్వని, నీరు చేరిన చోట మొద్దు ధ్వని వినిపించాయి. 1761లో ఈ పద్ధతిని గురించి ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. లోపల ఉన్నది గాలియా, నీరా అన్నదే ఆయన ప్రశ్న. రెండు వందల ఏండ్లు గడిచిన పిమ్మట, ఒకరి ఊపిరితిత్తిని మరొకరి ఛాతీలో అమర్చే కాలం వచ్చినప్పుడు, వైద్యులు ఈ ప్రశ్ననే మళ్ళీ వేసుకోవలసి వచ్చింది. అయితే ఈసారి ఉపయోగించిన ధ్వని చెవికి వినిపించనిది.

మన చెవి సెకనుకు సుమారు 20 వేల కంపనాలు దాటిన ధ్వనిని గ్రహించలేదు. అంతకు మించిన దానిని అతిధ్వని అంటారు. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. విద్యుత్తును ప్రయోగిస్తే అవే స్ఫటికాలు కంపిస్తాయి కూడా. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పాల్ లాంజెవిన్ ఈ గుణాన్నే ఆధారం చేసుకొని, సముద్రంలో దాగిన జలాంతర్గాములను ప్రతిధ్వని ద్వారా పసికట్టే సాధనాన్ని రూపొందించాడు. ఆస్ట్రియా వైద్యుడు కార్ల్ డుస్సిక్ అతిధ్వనితో మెదడును చూడబోయి, 1942లో తన ఫలితాలను ప్రకటించాడు. ఆయన చిత్రాలలో కనిపించినది చాలావరకు మెదడు కాదనీ, కపాలపుటెముక కలిగించిన వికృతి అనీ తరువాత తేలింది. 1958లో గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు కడుపులోని కణితులను, గర్భస్థ శిశువును అతిధ్వనితో చూపిన తరువాతనే ఈ విద్యకు వైద్యశాస్త్రంలో స్థానం దొరికింది.

కాలేయం, మూత్రపిండాలు, గుండె ఒకదాని తరువాత ఒకటి ఈ పరీక్షకు లొంగాయి. ఊపిరితిత్తి మాత్రం లొంగలేదు. కారణం భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి సులభంగా తెలుస్తుంది. ధ్వని ఒక యానకం నుండి మరొక యానకంలోకి పోయేటప్పుడు, ఆ రెండింటి సాంద్రతలు, వాటిలో ధ్వని వేగాలు ఎంత భిన్నమైతే అంత ఎక్కువగా పరావర్తనం చెందుతుంది. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. గాలిలో సుమారు 340 మీటర్లే. సాంద్రతలో భేదం మరీ ఎక్కువ. అందువలన కణజాలం నుండి గాలిలోకి పోబోయే ధ్వనిశక్తిలో వెయ్యింట 999 పాళ్ళు వెనుకకు తిరిగి వస్తుంది. చర్మానికీ పరికరానికీ మధ్య పలుచని గాలి పొర కూడా మిగలకుండా జిగురు వంటి పదార్థం పూయడం ఇందుకే. ఊపిరితిత్తి సమస్తం గాలి బుడగలే గనుక, అతిధ్వని దానికి పనికిరాదని వైద్యగ్రంథాలు చాలాకాలం తీర్మానించి వ్రాశాయి. ఒక్క మినహాయింపు కలదు. ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల నడుమ నీరు చేరితే ధ్వని దాని గుండా పోగలదు. ఆ నీటిని అతిధ్వనితో గుర్తించవచ్చునని 1967లో అమెరికా వైద్యులు చూపారు.

ఊపిరితిత్తి మార్పిడి చరిత్ర దాదాపు ఇదే కాలంలో ఆరంభమయింది. 1963 జూన్ 11న అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హార్డీ మానవునికి తొలిసారిగా ఊపిరితిత్తిని అమర్చాడు. రోగి 18 రోజులు జీవించి, మూత్రపిండాలు చెడి మరణించాడు. తరువాతి పదిహేనేండ్లలో ప్రపంచమంతటా సుమారు 40 మందికి ఈ చికిత్స జరిగినా, కొన్ని నెలలకు మించి బ్రతికినవారు లేరనే చెప్పాలి. శరీరం పరాయి అవయవాన్ని తిరస్కరించేది. లేదా శ్వాసనాళాన్ని అతికిన చోట పుండు మానక విడిపోయేది. నార్వే మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రం నుండి తీసిన సైక్లోస్పోరిన్ అనే మందు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. 1983లో కెనడాలోని టొరాంటోలో జోయెల్ కూపర్ బృందం ఒక రోగికి ఊపిరితిత్తిని మార్చి, అతికిన చోట కడుపులోని కొవ్వు పొరను చుట్టింది. ఆ రోగి ఆరేండ్లకు పైగా జీవించాడు.

చికిత్స సఫలమైనా చిక్కులు తప్పవు. కొత్త ఊపిరితిత్తికి నాడులు తెగిపోయి ఉంటాయి. అందుచేత అతుకుకు దిగువన కఫం చేరినా దగ్గు పుట్టదు. అవయవం తన బాధను తాను చెప్పుకోలేదు. రసనాళాలు కూడా తెగి ఉండుటచే లోపల చేరిన నీరు త్వరగా ఇంకిపోదు. తొలి 72 గంటలలో, రక్తప్రసారం తిరిగి మొదలైనప్పుడు కలిగిన దెబ్బ వలన ఊపిరితిత్తి నీరు పట్టి, ప్రాణవాయువును రక్తానికి అందించలేకపోవచ్చు. తొలి దినాలలోని మరణాలకు ఇది ముఖ్య కారణాలలో ఒకటి. ఇవన్నీ పసిగట్టవలసిన రోగి ఎవరు? శ్వాసయంత్రానికి, అనేక గొట్టాలకు కట్టుబడి, మంచం నుండి కదలలేనివాడు. పడుకొన్నవానికి తీసిన ఎక్స్‌రే చిత్రంలో ఒక తెల్లని మసక కనిపిస్తుంది. అది ఊపిరితిత్తి బయటి నీరా, లోపలి నీరా అన్నది చాలాసార్లు తేలదు.

ఈ చిక్కుకు దారి చూపినవాటిలో ఒకటి గుర్రం. ఆరోగ్యమైన ఊపిరితిత్తి శ్వాసతో పాటు ఛాతీగోడ లోపలి వైపున జారుతూ ఉంటుంది. నడుమ గాలి చేరితే ఆ జారుడు కనిపించదని 1986లో రాంటానెన్ అనే పశువైద్యుడు గుర్రాలలో గుర్తించాడు. పశువైద్యం మానవ వైద్యానికి పాఠం చెప్పిన సందర్భాలలో ఇది ఒకటి. తరువాత పారిస్ నగరపు తీవ్రచికిత్సా విభాగంలో పనిచేసిన డేనియల్ లిక్టెన్‌స్టైన్ ఇదే గుర్తును మనుష్యులలో పరీక్షించి 1995లో ప్రకటించాడు. ఆయన అంతటితో ఆగక, అందరూ పనికిరావని త్రోసివేసిన మిథ్యాబింబాల వైపు దృష్టి మరల్చాడు. గాలి నిండిన ఊపిరితిత్తి మీద ధ్వని పదేపదే ఎదురు తిరిగి, తెరమీద సమాన దూరాలలో అడ్డగీతలను గీస్తుంది. ఊపిరితిత్తి నీరు పట్టినప్పుడు, గాలి నడుమ ఉన్న తడి వలన, తోకచుక్క తోక వంటి నిలువు గీతలు పుడతాయి. వీటికి బి-రేఖలని పేరు. 1997 నాటి వ్యాసంలో ఆయన వీటిని రోగచిహ్నాలుగా నిరూపించాడు. అవయవం కనబడకపోయినా, కనబడని తీరును బట్టి దాని స్థితి తెలుస్తుందన్నమాట. డుస్సిక్‌ను మోసగించిన జాతి బింబాలే ఇక్కడ సాక్ష్యం చెప్పాయి. 2012లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఈ పరీక్షకు ఉమ్మడి సూత్రాలను ప్రకటించారు.

మార్పిడి జరిగిన రోగి మంచం ప్రక్కన ఈ పరీక్ష కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. పొరల నడుమ చేరిన నీరు నల్లగా, గడ్డకట్టిన రక్తం మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. సూదిని ఎక్కడ గుచ్చి తీయాలో కూడా తెలుస్తుంది. శస్త్రచికిత్సలో నాడి దెబ్బతిని ఉదరవితానం ఒక ప్రక్క కదలకపోతే, శ్వాసయంత్రాన్ని తీసివేయడం ఎందుకు సాధ్యపడడం లేదో బోధపడుతుంది. అన్నవాహికలోకి దింపిన పరికరంతో డాప్లర్ పద్ధతి ననుసరించి అతికిన సిరలలో రక్తవేగాన్ని కొలిచి, అతుకు ఇరుకైనదో లేదో శస్త్రచికిత్సా గదిలోనే చూస్తారు. బి-రేఖల సంఖ్య రోజురోజుకు తగ్గుతున్నదా, పెరుగుతున్నదా అన్నది మరొక ఉపయోగకరమైన సూచన.

అయినా ఈ రోగులలో మామూలు సూత్రాలను తొందరపడి ప్రయోగించరాదు. శస్త్రచికిత్స తరువాత పొరలు అతుక్కొనిపోయి, గాలి చేరకపోయినా జారుడు ఆగిపోవచ్చు. ఒక ఊపిరితిత్తినే మార్చిన రోగికి రెండవ ప్రక్కన తన పాత రోగగ్రస్తమైన ఊపిరితిత్తి ఉంటుంది. అది నారకట్టి ఉంటే అందులో బి-రేఖలు ఎప్పుడూ ఉండేవే. అన్నిటికంటె కఠినమైన చిక్కు మరొకటి. సూక్ష్మజీవుల వలన వచ్చిన వాపు, శరీరం అవయవాన్ని తిరస్కరించడం వలన వచ్చిన వాపు తెరమీద ఒకే తీరుగా కనిపించవచ్చు. చికిత్సలు మాత్రం పరస్పర విరుద్ధం: మొదటిదానికి సూక్ష్మజీవులను చంపే మందులివ్వాలి, రెండవదానికి శరీరపు రక్షణశక్తిని మరింత అణచాలి. ఇక్కడ పొరపాటు ప్రాణాంతకం. కనుక శ్వాసనాళంలోకి సన్నని గొట్టం దింపి, ఊపిరితిత్తి నుండి చిన్న తునకను తీసి, సూక్ష్మదర్శిని క్రింద చూచిన తరువాతనే వైద్యులు ఈ రెండింటిలో ఏదో తేల్చుకొంటున్నారు.