మక్కాలో పుట్టిన పతానీ బిడ్డలు: వంశం, పౌరసత్వం, పత్రం

మనిషి ఎవరి సంతానమో తెలిపేది వంశం. ఆ వంశాన్ని రాజ్యం ఎదుట రుజువు చేసేది పత్రం. స్వదేశంలో పుట్టి పెరిగినవారికి ఈ రెంటి మధ్య భేదం ఉన్నట్లే తోచదు. తల్లిదండ్రుల దేశానికి వేల మైళ్ళ దూరాన పుట్టిన బిడ్డకు మాత్రం ఆ భేదమే జీవిత సమస్యగా పరిణమిస్తుంది. దక్షిణ థాయ్‌లాండ్ ముస్లిముల చరిత్ర దీనికి మంచి నిదర్శనం.

పతానీ నుండి మక్కాకు

పతానీ మలయ్ ద్వీపకల్పపు తూర్పు తీరాన వర్ధిల్లిన ముస్లిం రాజ్యం. 1786లో సయాం సేనలు దానిని జయించాయి. తదనంతర యుద్ధాలలో అనేకులు బందీలుగా బ్యాంకాక్ పరిసరాలకు తరలింపబడ్డారు. మరికొందరు సముద్రం దాటి మక్కా చేరారు. హజ్ యాత్రకు వెళ్ళి విద్యార్జన కోసం అక్కడే నిలిచిపోయినవారూ ఉన్నారు. షేఖ్ దావూద్ బిన్ అబ్దుల్లాహ్ అల్ ఫతానీ (మరణం 1847) తన జీవితంలో అధిక భాగం అక్కడే గడిపాడు. ఆయన అరబ్బీ లిపిలో, మలయ్ భాషలో రచించిన ఫిఖ్హ్ గ్రంథాలు పోందోక్‌లనబడే దక్షిణాది మతపాఠశాలల్లో తరతరాలుగా బోధింపబడుతున్నాయి. షేఖ్ అహ్మద్ అల్ ఫతానీ (1856–1908) మక్కాలోని ఉస్మానీ ప్రభుత్వ ముద్రణాలయంలో మలయ్ గ్రంథాల ప్రచురణను పర్యవేక్షించాడు. అరబ్బీలో ‘ప’ అక్షరం లేనందున పతానీ ‘ఫతానీ’ అయింది. ఆ నిస్బతే కాలక్రమాన అనేక కుటుంబాలకు ఇంటిపేరుగా స్థిరపడింది.

ఈ కుటుంబాలలో పుట్టిన బిడ్డలు ఏ దేశపు పౌరులు? పందొమ్మిదవ శతాబ్దంలో ఈ ప్రశ్న అంతగా ఎదురుకాలేదు. జాతీయతా చట్టాలు వచ్చిన తరువాతనే ఇది తలెత్తింది.

చట్టం తండ్రిని చూసింది

1909 మార్చిలో బ్రిటన్‌తో కుదిరిన ఒడంబడిక వల్ల కెదా, కెలంతన్, త్రెంగాను, పెర్లిస్‌లపై సయాం తన అధికారాన్ని వదలుకొంది. పతానీ మాత్రం సయాంలోనే మిగిలింది. నాలుగేండ్ల తరువాత, 1913లో, సయాం మొదటి జాతీయతా చట్టం వెలువడింది. సయాం జాతీయుడైన తండ్రికి పుట్టిన బిడ్డ స్వదేశంలో పుట్టినా, పరదేశంలో పుట్టినా సయాం జాతీయుడే అని అది నిర్దేశించింది. ఇది ఐరోపా న్యాయశాస్త్రం నుండి వచ్చిన రక్తసంబంధ సూత్రం. అయినప్పటికీ బిడ్డను తండ్రి వంశానికే చెందించే ఇస్లామీయ నసబ్ నియమానికి ఇది దగ్గరగా ఉండటం గమనార్హం.

సౌదీ అరేబియా 1954లో చేసిన జాతీయతా చట్టం కూడా ప్రధానంగా తండ్రినే చూసింది. మక్కాలో పుట్టినంత మాత్రాన బిడ్డ సౌదీ పౌరుడు కాడు. కాబట్టి సౌదీ జాతీయత పొందిన ఫతానీ కుటుంబాలు ఆ సమాజంలో కలిసిపోయాయి. పొందనివారి సంతానం మాత్రం సౌదీ దృష్టిలో విదేశీయులు. థాయ్ చట్టం ప్రకారం వారు థాయ్ జాతీయులే, అయితే చేతిలో ఆ మాట చెప్పే కాగితం లేదు.

మూడు చిక్కులు

మొదటి చిక్కు నికాహ్. షరీఅత్ ప్రకారం సాక్షుల సమక్షంలో జరిగిన నికాహ్ సంపూర్ణమైనది. థాయ్ పౌరస్మృతి మాత్రం నమోదైన వివాహాన్నే గుర్తిస్తుంది. పత్తానీ, యాలా, నరాథివాట్, సతూన్ రాష్ట్రాలలో ముస్లిముల కుటుంబ, వారసత్వ వివాదాలకు ఇస్లామీయ న్యాయం వర్తించేటట్లు 1946లో ఒక చట్టం చేయబడింది. కాని పౌరసత్వ దఫ్తరుకు కావలసింది వేరు. మక్కా న్యాయస్థానపు పత్రం ఉన్న నికాహ్‌కు ఇబ్బంది తక్కువ. ఏ దఫ్తరులోనూ చేరని నికాహ్ ద్వారా పుట్టిన బిడ్డకు అధికారి దృష్టిలో ‘చట్టబద్ధమైన తండ్రి’ లేడు.

దీని ఫలితం విచిత్రమైనది. 1965 చట్టం ప్రకారం, పరదేశంలో పుట్టిన బిడ్డకు చట్టబద్ధమైన తండ్రి లేకుంటే లేదా తండ్రికి ఏ జాతీయతా లేకుంటే, థాయ్ తల్లి ద్వారా జాతీయత లభించేది. తండ్రి విదేశీయుడై వివాహం నమోదై ఉంటే ఆ తల్లి తన బిడ్డకు తన జాతీయతను ఇవ్వలేకపోయేది. తండ్రి థాయ్, తల్లి పరదేశీయురాలు, నికాహ్ నమోదు కాలేదు అనుకుంటే, ఆ బిడ్డకు తల్లి వైపు దారి లేదు, తండ్రి వైపు దారి మూతపడింది. 1992 సవరణ మొదటి అన్యాయాన్ని తొలగించింది. తల్లి థాయ్ అయినా, తండ్రి థాయ్ అయినా, బిడ్డ ఎక్కడ పుట్టినా జాతీయత లభిస్తుందని, అంతకు ముందు పుట్టినవారికి కూడా ఇది వర్తిస్తుందని ప్రకటించింది. రెండవ అన్యాయం 2008 సవరణ వరకు ఆగవలసి వచ్చింది. వివాహం నమోదు కాకున్నా, కన్నతండ్రి అని రుజువైతే చాలునని అప్పుడు అంగీకరించబడింది.

రెండవ చిక్కు పేరు. 1913లోనే సయాం ఇంటిపేర్ల చట్టం కూడా వచ్చింది. మలయ్ ముస్లిములు ‘ఫలానావారి కుమారుడు’ అనే అర్థంలో ‘బిన్’ చేర్చి పేరు చెప్పుకొనేవారు. మక్కాలో విద్యనభ్యసించి వచ్చి, 1947లో ప్రభుత్వం ముందు ఏడు కోర్కెలుంచి, 1954లో అదృశ్యమైన ప్రసిద్ధ విద్వాంసుడు హాజీ సులోంగ్ బిన్ అబ్దుల్ కాదిర్. ఆయన కుమారుడు, రాజకీయ నాయకుడు దెన్ తోమీనా. ఈ రెండు పేర్లను పక్కపక్కన ఉంచితే తండ్రీకొడుకులని కాగితం చెప్పదు. ఇంతటి ప్రసిద్ధులను లోకం ఎరుగును. మక్కా గల్లీలో బ్రతికే సామాన్యుడు అరబ్బీలో ‘ఫతానీ’ అని వ్రాసిన పేరు, థాయ్ లిపిలోని తన తాత పేరు ఒకే వంశానివని సాక్షులతో చెప్పించవలసిందే.

మూడవది తేదీ. సౌదీ పత్రాలలో హిజ్రీ తేదీ, థాయ్ పత్రాలలో బౌద్ధ శకం. హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. ఆ లెక్కన 33 ఏండ్లవాడు 34 ఏండ్లవాడవుతాడు. క్రీస్తు శకానికి 543 కలిపితే బౌద్ధ శకం వస్తుందన్నది సాధారణ సూత్రం. అయితే 1941కి పూర్వం థాయ్ సంవత్సరాది ఏప్రిల్ 1. అందువలన 1930 ఫిబ్రవరిలో పుట్టినవాడు 2473లో కాక 2472లో పుట్టినట్లు. 21వ ఏట సైనిక ఎంపికకు హాజరు కావలసిన దేశంలో ఒక్క సంవత్సరపు తేడా చిన్న విషయం కాదు.

పత్రం చేతికి వచ్చే దారి

విధానం చూడటానికి సరళమే. స్థానిక జనన పత్రాన్ని అనువదించి ధ్రువీకరింపజేసి, తల్లిదండ్రుల గుర్తింపు పత్రాలతో, వివాహ పత్రంతో థాయ్ దౌత్య కార్యాలయంలో సమర్పిస్తే థాయ్ జనన పత్రం లభిస్తుంది. దానితో స్వదేశంలోని జిల్లా కార్యాలయానికి, అనగా ‘అంఫో’కు వెళ్ళి, బంధువుల గృహ నమోదు పుస్తకంలో పేరు చేర్పించుకోవాలి. అప్పుడే 1984 నుండి అమలులో ఉన్న 13 అంకెల సంఖ్య, ఆపై గుర్తింపు కార్డు.

చిక్కు మొదటి మెట్టులోనే ఉంది. 1956 జన నమోదు చట్టానికి ముందే ఊరు విడిచినవారి పేర్లు ఏ గృహ పుస్తకంలోనూ లేకపోవచ్చు. తల్లిదండ్రులకే పత్రం లేనప్పుడు బిడ్డ ఏమి చూపగలడు? అప్పుడు మిగిలేది ఊరి పెద్దల, బంధువుల సాక్ష్యం, ఇటీవలి కాలంలో డి.ఎన్.ఏ. పరీక్ష. పైగా 1989లో జరిగిన ఆభరణాల దొంగతనం, తదుపరి సౌదీ దౌత్యాధికారుల హత్యల ఫలితంగా ఉభయ దేశాల సంబంధాలు 2022 వరకు రాయబారులు లేని స్థితికి దిగజారాయి.

దానమా, అంగీకారమా?

ఇదే ప్రశ్న పడమటి సరిహద్దులో మరో రూపంలో వచ్చింది. బ్రిటిష్ బర్మాతో సరిహద్దు నిర్ణయమైనప్పుడు తెనాసెరిం వైపు చిక్కుపడిన థాయ్ సంతతివారిలో ముస్లిములూ ఉన్నారు. రనోంగ్ మొదలైన రాష్ట్రాలకు తిరిగివచ్చిన వారిని ప్రభుత్వం పరదేశీయులవలె జాతీయత కోసం దరఖాస్తు చేసుకొమ్మంది. తాము పుట్టుకతోనే థాయ్‌లమని, తమకు కావలసింది దానం కాదు, అంగీకారమని వారు పోరాడారు. 2011లో బ్యాంకాక్ వరకు కాలినడకన వెళ్ళారు. 2012 మార్చిలో వెలువడిన సవరణ వారి వాదాన్ని అంగీకరించి, పుట్టుకతో వచ్చిన జాతీయతగానే గుర్తించింది.

మక్కాలో పుట్టిన పతానీ బిడ్డ హక్కు కూడా అట్టిదే. దౌత్య కార్యాలయం ఆ హక్కును సృష్టించదు, ఉన్నదానిని వ్రాసి ఇస్తుంది. దివ్య ఖుర్ఆన్ అల్ అహ్జాబ్ సూరాలో మనుషులను వారి తండ్రుల పేరుతోనే పిలవాలని ఆదేశిస్తుంది. అల్ బఖరా సూరాలో గడువు గల అప్పును, అది చిన్నదైనా పెద్దదైనా, సాక్షులతో వ్రాసి ఉంచుకొమ్మంటుంది. అప్పుకే అంత జాగ్రత్త విధించబడినప్పుడు, బిడ్డ వంశం విషయంలో ఆ జాగ్రత్త మరింత అవసరం. పరదేశంలో నికాహ్ చేసుకొనే ప్రతి జంట దానిని న్యాయస్థానంలో నమోదు చేయించడం, బిడ్డ పుట్టగానే దౌత్య కార్యాలయానికి తెలియజేయడం ఆ బిడ్డకు తల్లిదండ్రులు తీర్చవలసిన మొదటి ఋణం.